జాతి సంపదగా దండెం గుంజలు

ఒక జాతి ఎంత నాగరికమైందో దాని కోటలను చూసి తేల్చడం పాత పద్ధతి. ఆ కోటల ముందు "ముట్టరాదు" అనే బోర్డులు ఎన్ని నిలబెట్టారన్నదే సరైన కొలమానం. ఆ లెక్కన స్కాట్లాండ్ ఈశాన్య తీరంలో ఉన్న పోర్ట్‌గార్వీ అనే చేపల రేవు ప్రపంచంలోని మహానగరాలన్నిటికన్నా ముందుంటుంది. (అక్కడ కోట లేదు. బోర్డులు ఉన్నాయి.)

ఈ ఘనత పోర్ట్‌గార్వీ వారసత్వ సంరక్షణ సంఘానిది. గుర్రాలు లేని ఊళ్లో గుర్రాల నీటితొట్టిని కాపాడింది ఆ సంఘమే. నీళ్లు నిలిస్తే రాయి పాడవుతుందని తొట్టికి నీళ్లు ఆపించింది కూడా ఆ సంఘమే. రేవు దగ్గరి సత్రం గోడకు ఒక ఇత్తడి ఫలకం ఉంటుంది. పూర్వం ఒక రాజుగారు వేటకు వెళ్తూ ఈ సత్రంలో బస చేసే అవకాశం ఉండి కూడా చేయలేదని దాని మీద చెక్కి ఉంటుంది. దాన్ని ఆవిష్కరించిన రోజు ఊరంతా వానలో నిలబడి చప్పట్లు కొట్టింది.

ఇష్‌బెల్ రెన్నీ ఆ సంఘంలో టీ విభాగానికి అధిపతి. (విభాగంలో ఇంకెవరూ లేరు.) చరిత్ర మీద ఆమెకు ప్రత్యేకించి కోపమేమీ లేదు. సంఘం హాలు వెచ్చగా ఉంటుందని చేరింది. ఆమెకు నిజంగా పట్టింపు ఉన్న విషయం ఒక్కటే, ఉతికిన బట్టలు బయటి గాలికి ఆరడం.

వాళ్ల ఇళ్ల వరుస వెనక చిన్న పచ్చిక ఉంది. అందులో బట్టలారేసుకోవడానికి తాతల కాలంలో పాతిన నాలుగు ఇనుప గుంజలున్నాయి. ఎవరి వంతు రోజున వాళ్లు సొంత తాడు తెచ్చి కట్టుకుంటారు. సోమవారం పక్కింటి మైరీది, మంగళవారం ఇష్‌బెల్‌ది. ఆదివారం దేవుడిది, ఎవరూ పని చేయకూడదు. ఆదివారం బట్టలారేసిన మనిషిని ఆ ఊళ్లో మనవల దాకా గుర్తుపెట్టుకుంటారు. మంగళవారం వాన లేకుండా సముద్రపు గాలి వీస్తే ఇష్‌బెల్‌కు ఆ వారమంతా పండగే. వీయకపోతే వంటింట్లో కప్పు నుంచి వేలాడే కర్రల దండెమే గతి. అది సరిగ్గా పొయ్యి మీదకు ఉంటుంది. ఆ పొయ్యి మీద ఆమె భర్త మర్డో రోజూ పొద్దున పొగబెట్టిన హెర్రింగ్ చేపలు వేయించుకుంటాడు.

ఏప్రిల్ సమావేశంలో సంఘం అధ్యక్షుడు డాల్‌గార్నో లేచి నిలబడ్డాడు. ఆయన ఉద్యోగం విరమించిన పళ్ల డాక్టరు. ఊళ్లో ఏ కట్టడాన్నయినా నోరు తెరిపించి చూసినట్టే చూస్తాడు.

"మన కళ్లెదురుగా నాలుగు అపురూప కట్టడాలు శిథిలమైపోతున్నాయి. పోత ఇనుము. మొదళ్లలో పుచ్చు మొదలైంది. వాటికి ఈ ఊరి జనం ఏం తగిలిస్తున్నారో నేను ఈ సభలో చెప్పలేను" అన్నాడు.

"లోపలి బట్టలు" అంది కార్యదర్శి మిస్ క్రూక్‌శాంక్, రాసుకుంటూ.

గుంజలను జాతి సంపదగా ప్రకటించి, ఎవరూ ముట్టకూడదని తీర్మానం పెట్టారు. బలపరిచేవారు చెయ్యెత్తాలన్నారు. పోర్ట్‌గార్వీలో టీ రాకముందు ఎవరూ దేన్నీ బలపరచరు, వ్యతిరేకించరు. ఒక్క చెయ్యీ లేవలేదు. సరిగ్గా అప్పుడే ఇష్‌బెల్ పళ్లెంతో లోపలికి వచ్చి, పాలు వద్దనేవాళ్లెవరో అడగడానికి చెయ్యెత్తింది.

"బలపరిచినవారు మిసెస్ రెన్నీ" అని మిస్ క్రూక్‌శాంక్ రాసుకుంది. తీర్మానం ఏకగ్రీవం. పాలు వద్దన్నవాళ్లు ఇద్దరు.

తర్వాతి మంగళవారం గాలి బాగా వీచింది. బుట్ట చంకన పెట్టుకుని ఇష్‌బెల్ పచ్చికలోకి వెళ్లేసరికి గుంజల చుట్టూ తాడు కట్టి, "ముట్టరాదు" అనే బోర్డు పెట్టి ఉంది. మైరీ కవల పిల్లల గుడ్డలతో అప్పటికే అక్కడ నిలబడి ఉంది.

"బలపరిచింది నువ్వేనట కదా ఇష్‌బెల్. నా మీద కోపముంటే నాతో చెప్పాల్సింది. నిన్నటి నుంచి గుడ్డలు సోఫా మీద ఆరేస్తున్నా. పిల్లలు మంచం మీద, మేం నేల మీద."

"నేను పాల గురించి అడిగానే తల్లీ."

"ఈసారి చక్కెర గురించి అడక్కు. ఇళ్లు కూడా ఖాళీ చేయిస్తారు."

డాల్‌గార్నో తాడుకు అవతల పళ్లు చూసే చిన్న అద్దంతో గుంజ మొదలు పరీక్షిస్తున్నాడు.

"గుంజలు పాతిందే బట్టలారేసుకోవడానికి కదండీ" అంది ఇష్‌బెల్.

"అది ఒకప్పటి వాడుక, మిసెస్ రెన్నీ. ఇప్పుడు వీటి పని కాపాడబడటం. ఇన్నేళ్లూ మోశాయి. కాస్త ఊపిరి తీసుకోనివ్వండి."

ఇష్‌బెల్ బుట్టతో వెనక్కి వెళ్లి వంటింటి దండెం కిందకు దించింది. ఆ ఆదివారం చర్చిలో మర్డో చుట్టుపక్కల బల్లలు ఖాళీ అయ్యాయి. ఇంటికి వచ్చే దారిలో నాలుగు పిల్లులు అతని వెంటే గుమ్మం దాకా వచ్చాయి. మర్డో నలభై ఏళ్లు చేపల పడవలో ఇంజను చూసినవాడు. అంత కాలంలో ఎప్పుడూ తన మీద ఇంత చేప వాసన రాలేదని పాస్టరుగారికి చెప్పుకున్నాడు.

వేసవిలో యాత్రికులు వచ్చారు. నాలుగు గుంజల్నీ, చుట్టూ ఉన్న తాడునీ, బోర్డునీ చూశారు. ఇవి దేనికని అడిగారు. ఉరికంబాలనుకుని ఒకావిడ కళ్లు తుడుచుకుంది కూడా. సంఘం అత్యవసరంగా సమావేశమై, గుంజల ప్రాచీన ఉపయోగం ప్రజలకు అర్థమయ్యేలా ఒక సజీవ ప్రదర్శన ఏర్పాటు చేయాలని నిర్ణయించింది. పాతకాలపు చాకిరేవు స్త్రీగా నటిస్తూ బట్టలారేయడానికి ఒక మనిషి కావాలన్నారు. ఎంపిక పరీక్ష ఉంటుందన్నారు.

ఇష్‌బెల్ తన బుట్టతో, తన మంగళవారం, తన పచ్చికలోకి పరీక్ష రాయడానికి వెళ్లింది. ముగ్గురు పరీక్షకులు మడత కుర్చీల్లో దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారు. ఆమె తాడు బిగించి దుప్పటి విదిలించింది.

"ఆగండి" అన్నాడు డాల్‌గార్నో. "దుప్పటి అంచుకి ఎలాస్టిక్ ఉంది. ఆ కాలంలో ఎక్కడిది?"

దుప్పటి పక్కన పెట్టించారు. జిప్పులున్నవి తీసేయించారు. ప్లాస్టిక్ క్లిప్పులు చూసి మూడో పరీక్షకుడు మొహం తిప్పుకున్నాడు. మిగిలిన చొక్కా ఒకటి ఆమె ఆరేస్తుంటే మిస్ క్రూక్‌శాంక్ కలం ఎత్తింది.

"మీరు నవ్వుతున్నారు మిసెస్ రెన్నీ. ఆ రోజుల్లో స్త్రీలు బట్టలారేస్తూ నవ్వారనడానికి ఆధారాలు లేవు."

"ఎండ వచ్చిందండీ, అందుకని."

"ఎండకు కూడా పెద్దగా ఆధారాలు లేవు."

ఆఖరికి బుట్ట అడుగు నుంచి మర్డో ఉన్ని లాగులు రెండు బయటపడ్డాయి. చలికి ప్యాంటు లోపల వేసుకునే పొడుగు లాగులు. మోకాళ్ల దగ్గర మాసికలు. ఎలాస్టిక్ ఏనాడో తెగిపోతే మర్డో వల తాడు దూర్చుకున్నాడు. పరీక్షకులు ముగ్గురూ కుర్చీల్లోంచి లేచారు. డాల్‌గార్నో టోపీ తీశాడు.

"ఇలాంటివి మ్యూజియంలో కూడా లేవు" అన్నాడు మెల్లగా.

ఇష్‌బెల్ నెగ్గింది. ఆమెకు ముతక గుడ్డ తలగుడ్డ ఇచ్చారు, కొయ్య క్లిప్పులు ఇచ్చారు. నవ్వొస్తే సముద్రం వైపు తిరగమన్నారు. ప్రదర్శన మొదటి రోజు యాత్రికులు ఫోటోలు తీసుకున్నారు. గాలి వీచింది. ఉన్ని లాగులు రెండూ కాళ్లు బార్లా చాపి సముద్రం వైపు ఎగిరాయి. నాలుగు నెలల తర్వాత మొదటిసారి తన ఇంటి బట్టలు చేప వాసన లేకుండా ఆరుతున్నాయని ఆమె తాడు ఇవతల నిలబడి చూసింది. (సముద్రం వైపు తిరిగి.)

సాయంత్రం బుట్ట పట్టుకుని బట్టలు తీసుకెళ్లడానికి వచ్చింది. డాల్‌గార్నో అడ్డం నిలబడ్డాడు.

"ఎక్కడికి?"

"ఆరాయి కదండీ. తీస్తాను."

"ప్రదర్శన సెప్టెంబరు ఆఖరు దాకా."

"రాత్రి మంచుకి తడిసిపోతాయి."

"తడవాలి మరి. పూర్తిగా ఆరిపోయిన బట్టల్ని ఆరేసిన బట్టలంటే ఎవరు నమ్ముతారు?"

ఆ మాట మీదే సంఘం ఒక కొత్త బాధ్యత సృష్టించింది. రోజూ పొద్దున ప్రదర్శన తెరవకముందు మిస్ క్రూక్‌శాంక్ పూలకుండీలకు నీళ్లు పోసే డబ్బా తెచ్చి, లాగులు ఏమాత్రం పొడిగా కనిపించినా తడుపుతుంది. ఆ వేసవిలో ఆమెకు రెండు సార్లే ఆ అవసరం వచ్చింది. మిగతా రోజుల్లో ఆ పని ఆకాశం చేసిపెట్టింది.

సెప్టెంబరు చల్లబడింది. మర్డోకు ఉన్న ఉన్ని లాగులు ఆ రెండే. మోకాళ్లు పట్టేస్తున్నాయని మూలిగాడు.

"వెళ్లి ఒకటడుగు. రెండూ ఎందుకు వాళ్లకి?" అంది ఇష్‌బెల్.

"నువ్వెళ్లు. వాళ్ల టీ విభాగం నువ్వేగా."

"నేను వెళ్తే తలగుడ్డ కట్టుకోమంటారు. లాగు నీది, కాళ్లు నీవి. నువ్వే వెళ్లు."

మర్డో కోటు వేసుకుని వెళ్లాడు. చాలాసేపటికి వణుకుతూ తిరిగొచ్చి పొయ్యి దగ్గర కూర్చున్నాడు.

"ఇచ్చారా?"

"టికెట్ ఇచ్చారు. ముసలాళ్లకి సగం ధరేనట."

"లాగు సంగతి అడుగుతున్నా."

"చూశాను. తాడు ఇవతల నుంచి. బాగానే ఉన్నాయి. పక్కన బోర్డు పెట్టారు, పూర్వకాలపు నిరుపేద కూలీవాడి బట్టలని."

"నీవని చెప్పలేదా?"

"చెప్పాను. డాల్‌గార్నో చాలా మర్యాదగా విన్నాడు. అంతకు ముందే ఇంకో ఇద్దరు తమ తాతగారివని చెప్పి వెళ్లారట. మీవేనని ఆధారం చూపించండి, పరిశీలిస్తాం అన్నాడు."

ఆధారం ఉంది. రెండు లాగుల నడుం పట్టీల లోపలివైపు ఎర్ర దారంతో మర్డో రెన్నీ అని ఇష్‌బెల్ పొందిగ్గా కుట్టింది. అది చదవాలంటే లాగు ముట్టుకోవాలి.