పులిదొర గుమ్మంలో ధర్మాసుపత్రి

ఒక పెద్ద అడవిలో జబ్బు చేయడం కంటే, జబ్బు చేసిందని నలుగురికీ తెలియడం ప్రమాదం. అక్కడ కాలు బెణికిన జింక కుంటదు. దగ్గొచ్చిన కుందేలు గడ్డి నోట్లో కుక్కుకుని దగ్గుతుంది. ఒళ్లు కాలిపోతున్న అడవిపంది "ఈ ఏడు ఎండలు ముదిరాయి కదూ" అని నవ్వుతుంది. "నొప్పిని కాలిలో ఉంచుకో, నడకలోకి రానివ్వకు" అని ప్రతి తల్లీ తన పిల్లకి పాలతోపాటే నేర్పుతుంది. ఎందుకంటారా? ఆ అడవిని ఏలేది పులి.

చెంగలి అనే చుక్కల దుప్పి కూడా ఆ పాఠం నేర్చుకునే పెరిగింది. ఇప్పుడామె నిండు చూలాలు. కడుపులో పిల్ల అడ్డం తిరిగింది. ఆ సంగతి ఆమెకి తెలుసు, ఎందుకంటే పోయినేడు ఆమె అక్కకీ అలాగే అయింది. అక్క ఎవరికీ చెప్పుకోలేక, నడుం నిటారుగా పెట్టుకుని మంద వెంట నడిచి నడిచి, ఇక నడవలేనంటూ ధన్వంతరయ్య దగ్గరికి పోయింది. తిరిగి రాలేదు.

ధన్వంతరయ్య గుంటనక్క. ఆ అడవికంతటికీ ఆయనొక్కడే ప్రైవేటు వైద్యుడు. ఆయన పద్ధతి చాలా సూటిగా ఉంటుంది. రోగం కుదిరితే రోగి ఒక తేనెపట్టు తెచ్చివ్వాలి. కుదరకపోతే రోగే ఫీజు. ఆయన బొరియలో తేనె ఏనాడూ ఎవరికీ కనపడలేదు. ఆయన మాత్రం నిగనిగలాడుతూ ఉండేవాడు.

ఇలా ఉండగా పులిదొరకి ప్రజల ఆరోగ్యం మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టింది. మంత్రి భల్లూకయ్య అనే ఎలుగుబంటి బండరాయెక్కి చాటింపు వేశాడు.

"సర్వప్రాణి ఆరోగ్య పథకం! ఇక రోగుల్ని తినే ఏ నక్క గుమ్మమూ తొక్కక్కర్లేదు. దొరగారి గుహ పక్కనే ధర్మాసుపత్రి. ఎవరికి ఏ జబ్బున్నా దాచుకోకుండా వచ్చి చెప్పుకోండి. దారి సులువు. దొరగారి గుమ్మం మీదుగా రావడమే!"

ఆసుపత్రికి డాక్టరుగా మంగతాయిని వేశారు. మంగతాయి కొండముచ్చు. పక్క కొండల్లో వైద్యం నేర్చుకుని వచ్చింది, చేతివాసి మంచిదని పేరు. ఆ విషయంలో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా గుమ్మంతోనే.

మొదటి రోజు ఒక కుందేలు ధైర్యం చేసి దగ్గుతూ వెళ్లింది. దగ్గు పూర్తిగా తగ్గిపోయింది. కుందేలు కూడా.

"నా దాకా రానే లేదమ్మా! పొద్దున్నించీ చేతులు కడుక్కుని కూచున్నాను," అని మంగతాయి మొత్తుకుంది.

ఆ తర్వాత అటువైపు ఒక్క ప్రాణీ పోలేదు. ఆసుపత్రి ఉంది, డాక్టరుంది, మందులున్నాయి, రోగి లేడు. ప్రభుత్వానికి కోపం వచ్చింది. ప్రజలకి చైతన్యం లేదని భల్లూకయ్య తేల్చేసి, చైతన్యం కలిగించడానికి సభ పెట్టించాడు.

గుంపుగా ఉంటే భయం లేదని సభకి అందరూ వచ్చారు. దొరగారు ఆసుపత్రి గుహకి ఎదురుగా, మద్ది చెట్టు కింద, ముందరి పాదాలు రెండూ ఛాతీ కిందికి ముడుచుకుని, మహా గంభీరంగా పడుకున్నాడు. చెంగలి వెనక వరసలో పొట్ట పొదకి ఆనించుకుని నిలబడింది. నిలబడ్డం కష్టంగా ఉంది. కూచుంటే మాత్రం కూచున్నావేమని అడుగుతారు.

ముందు పథకం కిందికి ఏ జబ్బులు వస్తాయో తేల్చడానికి పెద్దలు కూచున్నారు. పెద్దలంటే కొమ్ములున్నవాళ్లు, దంతాలున్నవాళ్లు, పురి విప్పేవాళ్లు. దుప్పుల మందకి పెద్ద రాయుడు లేచి, ఏటా కొమ్ములూడిపోవడం ఎంత మానసిక వ్యథో కళ్లనీళ్ల పర్యంతమై వివరించాడు. చేర్చారు. నెమలి తోక రాలడం గురించి చెప్పింది. చేర్చారు. ఏనుగు తన మదం గురించి ఏదో అనబోతే, అనకముందే చేర్చారు.

"మరి కాన్పు?" అంది చెంగలి వెనక నుంచి.

సభలో చిన్న నవ్వు పుట్టి పెద్దదైంది.

"ఈనడం రోగమెలా అవుతుందమ్మా? అది ధర్మం!" అన్నాడు భల్లూకయ్య.

"ధర్మమే కదా, మరి ఇది ధర్మాసుపత్రే కదా మంత్రిగారూ?"

"ఏయ్ చెంగలీ, మగాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో నీకేంటే?" అని రాయుడు కొమ్ము విదిలించాడు. చెంగలి నోరు మూసుకుంది. నోరు మూసుకోవడం కూడా ఆ అడవిలో పాలతోపాటే నేర్పుతారు.

అప్పుడు ధన్వంతరయ్య లేచాడు. గొంతు సవరించుకుని, కళ్లు తుడుచుకున్నాడు.

"సోదరులారా! మీ ఒంట్లో ఏముందో సర్కారుకెందుకు? ఇవాళ మీ దగ్గు చెప్పమంటారు. రేపు మీ కాలు చూపించమంటారు. ఎల్లుండి ఆ కాలు ఎవరిదో మీరే చెప్పండి! మీ ఒళ్లు మీది. మీ వైద్యుణ్ణి మీరే ఎంచుకునే స్వేచ్ఛ మీది!"

"ఎంచుకోడానికి ఉన్నది నువ్వొక్కడివే కదయ్యా," అని ఎవరో గొణిగారు.

"ఒక్కడు కూడా లేకపోతే స్వేచ్ఛ ఎక్కడుంటుందయ్యా?" అన్నాడు ధన్వంతరయ్య, తడుముకోకుండా.

రాయుడికి ఆవేశం వచ్చేసింది. "మా ఒళ్లు మా హక్కు! ప్రాణమైనా ఇస్తాం గాని గుమ్మం తొక్కం!" అని బండ మీదికి దూకాడు. మగ దుప్పులన్నీ "మా ఒళ్లు మా హక్కు!" అని అరిచాయి. ఏ దుప్పి ఏ మందలో ఉండాలో, ఎప్పుడు చూలు నిలపాలో ఏటా కొమ్ములతో కుమ్ముకుని నిర్ణయించే మహానుభావులు, ఒంటి మీద హక్కు గురించి అంత తన్మయంగా అరుస్తుంటే, ఆడ దుప్పులు ఒకరి మొహాలొకరు చూసుకున్నాయి.

చెంగలికి కడుపులో ఒక్కసారి కలుక్కుమంది. పిల్ల కదిలింది, అడ్డంగానే. ఇంక పొద్దు లేదని ఆమెకి అర్థమైంది. నక్క చెప్పింది నిజమే, గుమ్మంలో పులి ఉంది. పులి చెప్పించిందీ నిజమే, నక్క రోగుల్ని తింటుంది. ఇద్దరూ ఎదుటివాడి గురించి నిజమే చెబుతున్నారు. నిజాల మధ్య తను చచ్చిపోయేలా ఉంది.

నడుం నిటారుగా పెట్టకుండా, నొప్పి ఉన్నట్టే, కాళ్లు ఎడంగా వేస్తూ సభ మధ్యకి నడిచింది. దుప్పి జాతి పుట్టాక అలా నడిచిన దుప్పి లేదు. పులిదొర మీసం కదిలింది.

"దొరా, నాకు వైద్యం కావాలి," అంది. "ఇక్కడ అరుస్తున్నవాళ్లలో సగం మందికి కావాలి, చెప్పరు. డాక్టరమ్మ మీద మాకు అనుమానం లేదు. అనుమానం తమరి మీద."

"దేశద్రోహం!" అన్నాడు భల్లూకయ్య.

"కాదు, భయం. భయం పోవాలంటే ఒకటే దారి. ఆసుపత్రి అంత మంచిదైతే ముందు తమరే చూపించుకోండి. మా అందరి ఎదుటా."

పులిదొర ఆవలించబోయి మధ్యలో ఆపేశాడు. నోరు పూర్తిగా తెరవడానికి లేదు.

భల్లూకయ్యకి మాత్రం ఈ ఆలోచన అమోఘంగా తోచింది. ఆయన కొలువులో మంత్రే గాని, దొరగారి ఒళ్లు దగ్గర్నుంచి చూసి ఎరగడు. "తప్పకుండా! దొరగారు వజ్రకాయులు. చూపిస్తే ఏం పోయింది? ప్రజల్లో నమ్మకం వస్తుంది. దొరా, ఒక్కసారి లేచి నాలుగడుగులు..."

దొర ఆయన వంక చూసిన చూపుకి భల్లూకయ్య వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. కానీ మాట బయటికి పోయింది, వందల కళ్లు పాదాల మీదే ఉన్నాయి. పులిదొర లేచాడు. ఒక అడుగేశాడు. కుంటాడు.

అడవి అంతా ఒక్కసారి "ఆ..." అంది.

మంగతాయి వచ్చి పాదం ఎత్తి చూసింది. దవడ పట్టుకుని చూసింది. పాదం నిండా, దవడ నిండా ముళ్లపంది ముళ్లు. విరిగి లోపలే ఉండిపోయి చీము పట్టాయి. వానల్లో దిగిన ముళ్లు. అప్పట్నించీ దొరగారు పరిగెత్తలేదు, వేటాడలేదు. రోగులు తన గుమ్మానికి నడిచొచ్చే పథకం ఎందుకు పుట్టిందో అప్పుడు అందరికీ తెలిసింది.

"ఇన్నాళ్లూ ఎలా ఓర్చుకున్నారు దొరా?" అంది మంగతాయి. ఆమెకి నిజంగానే జాలేసింది.

"నాకూ ఒక తల్లి ఉండేది," అన్నాడు పులిదొర చిన్న గొంతుతో. "నడకలోకి రానివ్వకు అని చెప్పింది."

"ధన్వంతరయ్యకి చూపించుకోకపోయారా?"

"చూపించాను. కేసు తీసుకోనన్నాడు."

ధన్వంతరయ్య నేల చూపులు చూశాడు. "దొరగారి విషయంలో, రోగం కుదరకపోతే ఫీజు తిరగబడుతుంది కదండీ..."

మంగతాయి ఆకు పసరు నూరింది. "ఇది మింగితే కాసేపు నిద్ర పడుతుంది. నొప్పి తెలీదు."

పులిదొర వెనక్కి జరిగాడు. "వీళ్లందరి మధ్యలో నిద్రపోవాలా? నిద్రపోయాక వీళ్లు నన్నేం చేస్తారో ఏమిటి నమ్మకం?"

"అదే దొరా," అంది చెంగలి, "మేం తమరి గుమ్మం గురించి అడిగిందీ అదే."

దొర తన పాదం వంక చూసుకున్నాడు. ఆఖరికి నొప్పి గెలిచింది. పసరు మింగాడు. గురక మొదలయ్యేసరికి చెట్ల మీది కాకులు కూడా గొంతు తగ్గించాయి.

"పారిపోదాం పదండి!" అన్నాడు ప్రాణమైనా ఇస్తానన్న రాయుడు.

చెంగలి పారిపోలేదు. పులి తోక దాటుకుని, ఆసుపత్రి గుహలోకి వెళ్లి పడుకుంది. "డాక్టరమ్మా, ముందు నా సంగతి చూడు. ఆయన లేచేలోపు."

భల్లూకయ్య గుమ్మానికి అడ్డం పడ్డాడు. "కాన్పు పథకంలో లేదు! ఇందాకే తీర్మానించాం! చట్టం..."

"చట్టం నిద్రపోతోంది మంత్రిగారూ," అంది మంగతాయి చేతులు కడుక్కుంటూ. "మెల్లిగా మాట్లాడండి, లేస్తుంది."

భల్లూకయ్య నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడు.

లోపల చెంగలి మొట్టమొదటిసారి నొప్పిని నొప్పిలాగే అరిచింది. ఆ అరుపుకి ఆడ దుప్పులు, అడవిపందులు, కణుజులు ఒక్కొక్కటే వచ్చి గుహ ముందు నిలబడ్డాయి, పులికీ గుహకీ మధ్యలో. మంగతాయి సన్నటి వేళ్లతో పిల్లని తిప్పింది. తిప్పి, ఆగి, మళ్లీ తిప్పింది. తడి తడి కాళ్లతో ఆడపిల్ల నేల మీద పడింది. పడగానే తుమ్మింది.

ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. కాళ్లు బెణికినవాళ్లు, చెవుల్లో పురుగు దూరినవాళ్లు, దగ్గు గొంతులోనే దాచుకున్నవాళ్లు అందరూ బాహాటంగా కుంటుతూ, దగ్గుతూ, మూలుగుతూ వచ్చారు. అడవి అంత అనారోగ్యంగా ఏనాడూ కనపడలేదు, అంత హాయిగానూ కనపడలేదు. చివరికి రాయుడు కూడా అటూ ఇటూ చూసి, తన కొమ్ముల వ్యథ చెప్పుకున్నాడు. అవి వాటంతటవే మొలుస్తాయని మంగతాయి చెప్పింది.

చెంగలి బిడ్డని నాకుతూ అడిగింది. "డాక్టరమ్మా, ఇవాళే ముళ్లన్నీ తీసేస్తావా ఏమిటి?"

మంగతాయి పులి వంక చూసింది, బారులు తీరిన రోగుల వంక చూసింది. "వైద్యంలో తొందర పనికిరాదు," అంది. ఒకే ఒక్క ముల్లు లాగింది.

పులిదొర లేచేసరికి పాదంలో ఒక మూల నొప్పి నెమ్మదించి ఉంది. అంతమంది మధ్య నిద్రపోయి ప్రాణాలతో లేచినందుకు ఆయనకే ఆశ్చర్యం వేసింది. "మిగతావి విడతలుగా తియ్యాలి దొరా, పుండు మానాలి కదా. అప్పటిదాకా మాంసం ముట్టకూడదు, జావ తాగాలి," అని డాక్టరు చెప్పింది. ఇంకొన్ని ముళ్లు తీస్తే తను పరిగెత్తగలనన్న ఆశతో ఆయన ఒప్పుకున్నాడు. పథకం దిగ్విజయమైందని భల్లూకయ్య చాటించాడు. కాన్పుని మొదట్నించీ చేర్చాలన్నది తానేనని కూడా చాటించాడు. ధన్వంతరయ్య ఆరోగ్యశాఖకి సలహాదారుగా చేరాడు. ఇలాంటివాళ్లు ఎప్పుడూ చేరతారు.

దొర పసరు మింగి పడుకున్న రోజల్లా అడవికి ఆసుపత్రి రోజు. ముళ్లు తగ్గుతూ వచ్చాయి. దొర నడక చక్కబడుతూ వచ్చింది. ఇంకొక్క ముల్లు మిగిలిందని మంగతాయి చెప్పిన రోజున, చెంగలి బిడ్డని వెంటబెట్టుకుని వాగు అవతల రాళ్ల గుట్టకి పోయింది. అక్కడ ఈదమ్మ అనే ముళ్లపంది దుంపలు తవ్వుకుంటోంది.

"వదినా, వానల్లో పులిదొర నీ మీదికొచ్చాడటగా?"

"వచ్చాడు, పట్టుకుపోయాడు కావలసినవి," అంది ఈదమ్మ తల ఎత్తకుండా.

"ఇంకాసిని ఇస్తావా? ఆసుపత్రి మూతపడేలా ఉంది."

"అడిగితే ఇవ్వను తల్లీ, అంత అలుసేం కాదు నా ఒళ్లు. మీదకొస్తే ఇస్తాను." ఈదమ్మ మట్టి దులుపుకుంది. చెంగలి వెనక నక్కిన బిడ్డని చూసి, దానికో దుంప దొర్లించింది. "ఓ పని చెయ్యి. ఈదమ్మ ఈమధ్య బాగా ఒళ్లు చేసిందని మంత్రిగారి చెవిలో వెయ్యి. మిగతాది ఆయనే చూసుకుంటాడు."

నీతి: ధర్మాసుపత్రి నడవాలంటే డాక్టరూ, మందులూ ఉంటే చాలదు, ఏలేవాడికి కూడా అప్పుడప్పుడూ ముల్లు దిగుతూ ఉండాలి.