కనకరత్నం కలెక్టరును వెంబడించిన విధము

శుభమగు గాక వినువారికి! తూర్పున సముద్రుడు ఓడల కూతలకు మేలుకొని ఒళ్ళు విరుచుకొనుచుండగా, నైరుతి దిక్కున ఉక్కు కర్మాగారపు ధూమధ్వజములు మేఘములతో మల్లయుద్ధము సేయుచుండగా, ఒకానొక ఆదివారమున, కుళాయి నీరు వచ్చు పుణ్యకాలమున, విశాఖపట్టణమందలి కంచరపాలెమున, రైలుపట్టాలకు కూతవేటు దూరమునున్న ఒక ఇరుకు సందులో మహోపద్రవ మొకటి సంభవించెను.

ఆ సందున కనకరత్నమను వీరవనిత గలదు. ఆమె జాకెట్లు కుట్టుటయందు అద్వితీయ, కుళాయి వరుసలో వెనుకంజ యెరుగని ధీర. ఆమె యింట కలెక్టరను శునకరాజము గలదు. భర్త త్రినాథరావు ఒక వానకాలపు సాయంత్రము డ్యూటీ నుండి వచ్చుచు, మురుగుకాల్వ గట్టున వణకుచున్న బూడిదవన్నె కుక్కపిల్లను చొక్కాలో దాచి తెచ్చి, "మనింట్లో ఒకడైనా కలెక్టరవ్వాల" అని ఆ పేరు పెట్టెను. నాటి నుండి ఆ యింట మూడవ కంచము దానిదే. పేరు ఘనమే గాని ఆ కలెక్టరు పరమ భీరువు. బుడగ పగిలినను మంచము క్రింద దూరును. సందు మలుపు దాటి ఒంటరిగా ఏనాడును పోయినది లేదు.

ఆ ఉదయమున నైట్ షిఫ్టు ముగించివచ్చిన త్రినాథరావు గాఢనిద్రాసముద్రమున మునిగియుండగా, కనకరత్నం నైటీపై తువ్వాలు కప్పుకొని, హస్తమున ప్లాస్టిక్ మగ్గు ధరించి, కలెక్టరునకు మంగళస్నానము చేయించుచుండెను. సబ్బు నురుగుతో ధవళగాత్రుడైన అతడు ఒక్కసారి ఒళ్ళు విదిల్చి ఆమె ముఖము నిండ నురుగు చల్లెను. "సీ! ఎక్కడికైనా పోయి సావు!" అని ఆమె కసరెను.

సరిగ్గా అప్పుడే పక్కింటి కుక్కరు ప్రళయశంఖము వలె ఈల వేసెను. వాటర్ క్యాన్ల వాడు వేయక విడిచిన గేటు నోరు తెరచియుండెను. కలెక్టరు ధనుర్విముక్త శరము వలె వీధిన బడెను.

"కలెక్టరూ! ఆగరా!" అని ఆమె సింహనాదము చేయుచు వెంటబడెను.

టీకొట్టు వద్ద బీడీలు కాల్చుచున్న యిద్దరు పెద్దమనుషులు దిగ్గున లేచిరి. వారిలో చలమయ్య అను వృద్ధుడు చొక్కాగుండీలు పెట్టుకొనుచు, "ఏటమ్మా, కలెక్టరుగోరొచ్చినారేటి? ఎటెళ్ళినారు?" అనెను.

"అటే తాతా! ఒళ్ళంతా సబ్బెట్టుకొని ఎలిపోనాడు!"

వృద్ధుడు ఆఖరి గుండీ వదలి, మెడ చాచి ఆ దిక్కునకు చూచెను.

అంతలో త్రిచక్రరథమొకటి గుడగుడధ్వానముతో ఆమె చెంత నిలిచెను. అది పైడయ్య ఆటో. త్రినాథరావును అన్నా యని పిలుచు ఆ సారథి, "ఎక్కీ ఒదినా! రైలు గేటు కాడికెళ్తన్నాడు, నాను సూసినాను!" అని అరచెను. రైలు గేటను మాట చెవిన బడగానే ఆ ధీరకు గుండె జారెను. కాని జారిన గుండెను పట్టుకొనియే ఆమె రథమధిరోహించెను. తారురోడ్డుపై నురుగుబొట్లు ఆనవాళ్ళై దారి చూపుచుండ, లారీల నడుమ, తోపుడుబండ్ల నడుమ, వారు గేటు చేరిరి.

అప్పటికే గేటు దిగుచుండెను. దాని క్రింద నుండి తెల్లని తోకయొకటి ఆవలికి మాయమగుట ఆమె కన్నులార కాంచెను. ఆటో దిగబోగా నైటీ అంచు సీటు మేకునకు చిక్కెను. "సింపెయ్ పైడయ్యా, సింపెయ్!" అని తానే లాగి, చీల్చుకొని, దుమికి వచ్చుసరికి గూడ్సుబండి దిక్కులు పిక్కటిల్ల కూత వేయుచు, బొగ్గు నిండిన పెట్టెలతో పట్టాలను ఆక్రమించెను.

అపుడా వీరాంగన మగ్గునెత్తి యిట్లు గర్జించెను:

"ఓలే రైలూ! నీకు వంద పెట్టెలుంటే ఉండనీ, నాకున్నది ఆడొక్కడే! ఆడి మీద నీ సెక్రం పడిందా, ఈ మగ్గుతోటే నిన్ను పట్టాలు దింపీగలను! నీ పెట్టెలన్నీ కుట్లిప్పినట్టు ఇప్పీగలను! నాను కనకరత్నాన్ని!"

రైలు తన దారిన సాగుచునే యుండెను. చక్రముల సందుల నుండి ఆవలిగట్టున నాలుగు కాళ్ళు కానవచ్చునాయని ఆమె నేలకు వంగి చూచెను. దుమ్ము తప్ప మరేమియు లేదు. పొద్దుట తానన్న మాట చెవులలో మారుమ్రోగెను. "నా నోరు పడిపోనూ," అని గొణిగెను.

చివరి పెట్టె దాటెను. గేటు లేచెను. ఆవల కలెక్టరు లేడు. పట్టా పక్కన పిడికెడు నురుగు మాత్రము ఎండలో మెరయుచుండెను. కనకరత్నం రోడ్డుపైననే చతికిలబడెను.

"ఓలమ్మా! ఈ తెల్లకుక్క నీదేటి?"

వెనుక నుండి పోతమ్మ యను ఇడ్లీబండి స్వామిని పిలుచుచుండెను. "రైలు కూతకి అదిరిపోయి, ఎనక్కొచ్చీసి, నా బండి కింద దూరీసినాడు. నువ్వేమో అటు రైలుతో దెబ్బలాడతన్నావు, నా మాటినవే! గెంటితే పోడు, అట్టు పెడితే తినడు."

కనకరత్నం మోకాళ్ళపై పాకి బండి క్రింద చూచెను. సబ్బు ఆరి అట్టగట్టిన కలెక్టరు చక్రమునకు వీపు ఆనించి, పండ్లు టకటక కొట్టుకొనుచు కూర్చుండెను. ఆమె మగ్గునెత్తెను. అతడు కన్నులు మూసికొనెను. ఎత్తిన మగ్గు దిగెను. మరుక్షణమున ఆమె రెండు చేతులు ఆ సబ్బు మెడను చుట్టుకొనెను. "పారిపోతే పోనావు, బాబూ. చెప్పీసి పోవాల," అని ముక్కు తుడుచుకొనెను.

పిమ్మట పోతమ్మ డ్రమ్ములోని నీరు మగ్గున ముంచి, గేటు కడ ఆగిన బైకులవారు హారన్లు మోగించుట మాని గుడ్లప్పగించి చూచుచుండగా, కనకరత్నం ఆ శునకరాజమును తల నుండి తోక వరకు కడిగెను. అతడు విదిల్చిన నీట పైడయ్య తడిసెను, పోతమ్మ తడిసెను, వచ్చిపోవు జనము తడిసిరి.

వినుడు, వినుడు! ఆ ఆదివారమున, కంచరపాలెపు రైలు గేటు చెంత, ఒక కుక్క ఒంటి సబ్బు సంపూర్ణముగా వదలెను! ఈ వీరచరితము విన్నవారి గేట్లు గట్టిగా పడునుగాక! వారి కుక్కలు మొదటి పిలుపునకే వచ్చునుగాక!