భోపాల్‌పట్నంలో దొరికిన పాఠకుడు

బస్తర్ సంస్థానం మొత్తం మీద పుస్తకాలను అత్యంత శుభ్రంగా ఉంచిన పఠన మందిరం భోపాల్‌పట్నంలో ఉండేది. మూడు బీరువాలు, నాలుగు వందల పన్నెండు తెలుగు పుస్తకాలు, ఒక గ్రంథపాలకుడు. పదకొండేళ్లలో ఒక్క పుటకు కూడా మడత పడలేదు. పదకొండేళ్లలో ఒక్క పుస్తకం కూడా గడప దాటలేదు గనుక పడే అవకాశం లేదు.

ఈ ఘనత గ్రంథపాలకుడు చెన్నకేశవులుది. ఊరి బడిలో అయిదో తరగతితో ఆగిన మనిషి. ఆగిన చోటే గట్టిగా నిలబడ్డాడు. మందిరం నిబంధనలన్నీ తానే రాసి, తానే అచ్చు వేయించి, గోడకు కొట్టాడు. వాటిలో నాలుగోది అతనికి ప్రాణం: "పుస్తకము ఇంటికి కొనిపోదలచినవారు, ఆ పుస్తకమును పూర్వము చదివినవారి పూచీ సంతకము తేవలెను." మొదటి మనిషి ఎవరి సంతకం తేవాలని ఎవరూ అడగలేదు. అలా అడగాలని తోచేవాడు ఎక్కడో కొన్ని పుస్తకాలు చదివి ఉండాలి గదా. వచ్చినవాళ్లు నిబంధన చదివి, తల ఊపి, వసారాలో కాసేపు చల్లగా కూర్చుని వెళ్లేవాళ్లు. చదువుకు పనికొచ్చింది ఆ గోడ ఒక్కటే.

పందొమ్మిది వందల ముప్పయ్యారులో జగదల్‌పూర్ నుంచి హుకుం వచ్చింది. గ్రంథాలయాల తనిఖీదారు శ్రీరంగం గారు మద్రాసులో మూడు నెలలు గ్రంథాలయ శాస్త్రం నేర్చుకుని వచ్చారు. నేర్చుకున్నది చల్లారకముందే సంస్థానానికి వడ్డించదలచారు. పుస్తకాన్ని ఎవరు చదివారో రిజిస్టరు చెప్పదట, పుస్తకమే చెబుతుందట. మరకలు, మడతలు, వేలిముద్రలు, మధ్యలో పెట్టిన గుర్తులు భూతద్దంతో పరిశోధించి మూడు నెలల్లో నివేదిక పంపాలి. చదివిన ఆనవాలు ఒక్కటీ దొరకని మందిరాన్ని మూసి, బీరువాలను ఎడ్లబండి మీద జగదల్‌పూర్‌కు తరలిస్తారు.

చెన్నకేశవులు హుకుం రెండుసార్లు చదివాడు. భార్య అన్నపూర్ణమ్మ జ్వరంతో పోయి రెండేళ్లు. ఇంట్లో పొయ్యి ముందు ఒంటరిగా కూర్చోలేకపోయేవాడు. అందుకని పొద్దున్నే వచ్చి, చీకటి పడేదాకా మందిరంలో కుర్చీలో కూర్చునేవాడు. ఆ కుర్చీ కూడా బండెక్కితే అతను ఎక్కడ కూర్చోవాలో హుకుంలో రాయలేదు.

కంసాలి దగ్గర భూతద్దం అరువు తెచ్చి పరిశోధన మొదలుపెట్టాడు. మొదటి బీరువాలో మరక లేదు. రెండో బీరువాలో మడత లేదు. రెండు నెలలు గడిచేసరికి నాలుగు వందల పదకొండు పుస్తకాల్లో అతనికి దొరికింది తన కాపలా ఒక్కటే. జీవితంలో మొదటిసారి ఒక దొంగ చొరబడి ఉండాలని మనసారా కోరుకున్నాడు.

నాలుగు వందల పన్నెండోది మూడో బీరువా అడుగు అరలో ఉంది. ఓడ ప్రయాణాల గురించిన లావుపాటి పుస్తకం. తెరవగానే ఎండుటాకు ముక్క ఒకటి జారింది. వెతికితే మొత్తం ఏడు. చివరిది రెండు వందల పదకొండో పుటలో. అంచుల మీద పసుపు వేలిముద్రలు.

చెన్నకేశవులు కుర్చీలోంచి లేచాడు. నేల ఊడుస్తున్న లక్మేని పిలిచాడు. ఆమె దోర్ల తెగ మనిషి. మందిరం పుట్టినప్పటి నుంచి చీపురు ఆమెదే.

"ఇవి ఏ ఆకులే?"

లక్మే ఒక్కొక్కటి వెలుతురుకు పట్టి చూసింది. "ఇది మోదుగ, విప్పపూలు ఏరే దినాలది. ఇది టేకు, పురుగు జల్లెడ చేసింది, వానలు తగ్గినంక. ఈ కడాకరిది అడ్డాకు. వరి కోసే దినాలది. విస్తరి ముక్కలయ్యా అన్నీ. పుల్ల గుచ్చిన బెజ్జం చూడు."

"ఎవరి విస్తరి?"

"ఎవరిదేంది? అమ్మది. ఆకు తెచ్చిచ్చిందే నేను."

అన్నపూర్ణమ్మ రోజూ మధ్యాహ్నం అన్నం తెచ్చేది. లోపల తినరాదన్నది ఏడో నిబంధన కాబట్టి అతను వెనక వసారాలో తినేవాడు. ఊరికే కూర్చోవడం ఎందుకని, వారానికోసారి బీరువాల దుమ్ము దులపమని ఆమెకు తాళంచెవి ఇచ్చేవాడు. "రెండు నిమిషాల పనికి అద్దగంట" అని ప్రతి వారం దెప్పేవాడు. ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. లెక్క సరిగ్గానే వేశాడు.

"ఆమెకు చదువు రాదు గదే" అన్నాడు.

"నాకు చదివి చెప్పేది. నువ్వు వస్తవేమోనని నేను వాకిట్లనే అద్దగంట ఊడ్చేదాన్ని. నన్నడిగితే మొదటి దినమే చెప్పేదాన్ని. అద్దం పట్టుకొని తిరుగుతాంటే ఏదో ముక్కుపుడక పోయిందనుకున్న." చీపురు కింద పెట్టింది. "ఓడ తుఫానుల చిక్కినకాడ ఆపింది అమ్మ. తర్వాత జ్వరమొచ్చె. ఒడ్డు చేరిందా లేదా, జర చదివి చెప్పరాదా?"

"ఇప్పుడు కుదరదు. పుట తిప్పితే ఆనవాలు చెడుతుంది. నివేదిక పోయినాక చదువుతాను."

ఈ జవాబు పూర్తిగా శాస్త్రసమ్మతమైనది. అతను రాత్రి ఇంటికి పోయి, ఏమీ తినకుండా, నివేదిక రాశాడు. పాఠకుల సంఖ్య: ఒకటి. పేరు: అన్నపూర్ణమ్మ. మందిరంతో సంబంధం అన్న గడిలో "దుమ్ము దులుపుట" అని రాశాడు.

శ్రీరంగం గారు స్వయంగా వచ్చారు. పుస్తకం చూసి పొంగిపోయారు. నివేదిక చూసి తగ్గారు.

"పంతులుగారూ, అయిదేళ్ల కిందటి జనాభా లెక్కల్లో ఈమె నిరక్షరాస్యురాలు. మీ ఇంటి లెక్క రాసింది ఎవరు?"

"నేనే."

"ఆమెను అడిగే రాశారా?"

చెన్నకేశవులు గోడ మీది నిబంధనల వైపు చూశాడు. శ్రీరంగం గారు నివేదిక మీద వేలు పెట్టారు.

"సర్కారు లెక్క ఒకటి చెబుతుంది, ఎండుటాకు ఒకటి చెబుతుంది. సంస్థానం దేన్ని నమ్మాలి? పైగా, తప్పు లెక్క రాసినవాడికి ఉద్యోగం ఉండదు. పాఠకుడు లేని మందిరమూ ఉండదు. మీరే ఆలోచించండి."

చెన్నకేశవులు ఆలోచించాడు. రెండు నిమిషాల పని, రెండు నిమిషాల్లోనే చేశాడు. అన్నపూర్ణమ్మ పేరు కొట్టేసి, "అజ్ఞాత పురుషుడు, అక్షరాస్యుడు, పసుపు వ్యాపారి కావచ్చును" అని దిద్ది సంతకం పెట్టాడు.

వసారాలో సభ జరిగింది. "ఆ మహనీయుడు ఎవరో మనకు తెలియదు, కాని అడవి నడుమ జ్ఞానదీపం వెలిగించాడు" అని శ్రీరంగం గారు కళ్లు తుడుచుకున్నారు. లక్మే వాకిట్లో నిలబడి అంతా వింది. చెన్నకేశవులుకు శాలువా కప్పారు. మందిరం నిలిచింది, కుర్చీ నిలిచింది. పుస్తకం మాత్రం, ఏడు ఆకులతో సహా, జగదల్‌పూర్‌లో గాజు పెట్టెలో పెట్టడానికి వెళ్లింది.

వారం తిరిగేసరికి లక్మే మళ్లీ అడిగింది. చెన్నకేశవులు కాగితం తీసి, ఆ పుస్తకాన్ని పది రోజులు చదువుకోవడానికి ఇప్పించవలసిందని అర్జీ పెట్టుకున్నాడు. పదకొండేళ్లలో భోపాల్‌పట్నం నుంచి ఒక పుస్తకం కోసం వెళ్లిన మొదటి అర్జీ అదే.

ఎనిమిది నెలలకు జవాబు వచ్చింది. భోపాల్‌పట్నం మందిరపు నిబంధనలు ఆదర్శప్రాయములని తోచి సంస్థానమంతటా అమలు చేయడమైనది. నాలుగో నిబంధన ప్రకారం సదరు గ్రంథమును పూర్వము చదివినవారి సంతకము అవసరము. అట్టివాడు, మీ పరిశోధననుబట్టి, పసుపు వ్యాపారి. ఆయనను వెతికి సంతకము చేయించి పంపగలరు.

లక్మే చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఏమన్నరయ్యా? ఓడ చేరిందట్నా?"

చెన్నకేశవులు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. ఆ మందిరంలో అతను ఒక కాగితాన్ని మడవడం అదే మొదలు.

"విచారణలో ఉంది" అన్నాడు.