కార్విక్ ఊరు మాజీ సైనికుణ్ణి గౌరవించిన విధం

ఉత్తర డకోటాలోని కార్విక్ ప్రజలు మాజీ సైనికుల కోసం కట్టిన స్మారకాన్ని గత మంగళవారం ఆవిష్కరించారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. రాతిగోడ నిటారుగా నిలబడింది. గోడ మీది గద్ద తూర్పుకు చూస్తోంది. ఊళ్లో మిగిలిన ఒకే ఒక మాజీ సైనికుడు ఓర్లిన్ ట్వైట్ మాత్రం ఆ సమయానికి అక్కడ లేరు. ఆ సంగతి ఎవరూ గమనించనందువల్ల కార్యక్రమానికి అంతరాయం కలగలేదు.

ఓర్లిన్ వియత్నాంలో ఫిరంగుల పక్కన పనిచేసి, చెవులు అక్కడే వదిలేసి వచ్చారు. మాజీ సైనికుల ఆసుపత్రి వారు ఆయన కోసం వినికిడి యంత్రాలు సిద్ధం చేశారు. వెళ్లి తొడిగించుకోవడమే మిగిలింది. ఆసుపత్రి రెండు గంటల దూరం. చెవుల డాక్టరు మంగళవారాలే వస్తాడు. చూపు మందగించిందని ఓర్లిన్ చేత కారు నడపడం మాన్పించారు.

ఆ యంత్రాలు ఆయనకు తొందరగా కావాలి. ప్రతి ఆదివారం బిస్మార్క్ పట్నం నుంచి అక్క ఆర్డిస్ ఫోన్ చేస్తుంది. మాటలు వినపడక ఆయన అన్నిటికీ "సరే" అంటూ వచ్చారు. ఆ విధంగా ఆమె క్రిస్మస్ నాటికి తన పిల్లులతో సహా ఓర్లిన్ ఇంటికి మకాం మార్చడానికి ఆయన ఒప్పుకున్నట్టు ఇటీవలే బయటపడింది. ఇంకా ఏమేం ఒప్పుకున్నారో తెలియదు.

ఇలాంటి ప్రయాణాల కోసమే ఊరికి ఒక వ్యాను, దాన్ని ఉచితంగా నడిపే ముగ్గురు పెద్దమనుషులు ఉన్నారు. ముగ్గురూ సేవాభావం గలవారు కాబట్టి స్మారక కమిటీలో చేరారు. కమిటీ మంగళవారాలే సమావేశమవుతుంది. వ్యాను ఖాళీగా పడి ఉండటం చూసి, సీట్లు పీకి, రాళ్లు మోయడానికి పెట్టారు.

కమిటీ కష్టపడలేదని ఎవరూ అనలేరు. గద్ద ఎటు చూడాలన్న చర్చ వసంతమంతా సాగింది. పడమటికి చూస్తే దాణా దుకాణం, తూర్పుకు చూస్తే బ్యాంకు. బ్యాంకు నెగ్గింది. సైన్యంలోని ఐదు దళాలకు ఐదు జెండా కంబాలు పాతాక, అంతరిక్ష దళం కూడా ఉందని ఎవరికో గుర్తొచ్చింది. కార్విక్ నుంచి అంతరిక్షానికి ఎవరూ వెళ్లలేదు. ముందు ముందు వెళ్లేవారి మనసు నొప్పించకూడదని ఐదూ పెకలించి ఆరు పాతారు. స్మారకం ముందు బెంచీ వేద్దామని ఒకరన్నారు. వేస్తే జనం కూర్చుంటారని మరొకరు హెచ్చరించడంతో ఆ ప్రతిపాదన వీగిపోయింది.

ఒక సమావేశానికి ఓర్లిన్‌ను కూడా పిలిచి, ఏం కావాలో చెప్పమని కాగితం మీద రాసి చూపించారు.

"నన్నెవరైనా ఆసుపత్రికి దిగబెట్టండయ్యా" అన్నారాయన.

కమిటీ అధ్యక్షుడు, బీమా ఏజెంటు రాండల్ హెగ్లండ్ కళ్లు తుడుచుకున్నారు. "చూశారా, ఎంత నిరాడంబరత. ఈయన కోసం గోడ ఇంకో రెండడుగులు లేపాల్సిందే."

"నాకు బండి కావాలయ్యా."

"బండి రాళ్లకెళ్లింది ఓర్లిన్ గారూ. అదీ మీకోసమే."

ఇది ఓర్లిన్‌కు వినపడలేదు. "సరే" అన్నారు. కమిటీ ఆయన ఆమోదాన్ని హర్షధ్వానాల మధ్య స్వీకరించింది.

ఆవిష్కరణకు మాజీ సైనికుల దినోత్సవాన్ని ఎంచుకున్నారు. ఈ ఏడు అది మంగళవారం పడింది. ఓర్లిన్‌కు నవంబరు చలికి కంబళ్లు చుట్టి, టాపు తీసిన కారులో ఊరేగించారు. కారు నడిపింది బేకరీలో పనిచేసే లోరీ అనే అమ్మాయి. స్మారకం దగ్గరికి రాగానే ఆయన ఆమె భుజం తట్టారు.

"ఆపకమ్మాయ్. ఇవాళ మంగళవారమేగా. తిన్నగా ఆసుపత్రికి పోనీ."

"అదేంటి బాబాయ్, ఇక్కడ నీకు సన్మానం."

"ఏంటీ?"

"సన్మానం బాబాయ్, సన్మానం."

"వినపడట్లా. అందుకేగా పోనిమ్మంటున్నా."

లోరీకి ఈ వాదనలో లోపం కనిపించలేదు. పోనిచ్చింది. కారు వెళ్లిపోవడం కూడా కార్యక్రమంలో భాగమనుకుని జనం జెండాలు ఊపారు.

హెగ్లండ్ ముందువరసలోని ఖాళీ కుర్చీ వైపు చేయి చాపి ప్రసంగించారు. "ఈ మహనీయుడి అవసరాలు మనకు తెలుసు. ఆయన నోరు తెరిచి అడగాల్సిన పని ఈ ఊళ్లో ఏనాడూ రాలేదు, ఇక రాబోదు." చప్పట్లు చాలాసేపు మోగాయి. తర్వాత అందరూ భోజనాలకు లేచారు.

ఊరు దాటాక లోరీ కారుకు టాపు వేసింది. ఆసుపత్రి ముందు ఒక్క బండీ లేదు. పని తొందరగా అయిపోతుందని ఓర్లిన్ సంతోషించారు. తలుపుకు తాళం వేసి ఉంది. అద్దానికి ఒక ప్రకటన అంటించి ఉంది. లోరీ అది చదివి, వచ్చి ఆయన చెవిలో అరిచింది.

"మాజీ సైనికుల గౌరవార్థం ఇవాళ ఆసుపత్రికి సెలవంట బాబాయ్."

"ఎవరి గౌరవార్థం?"

"నీ గౌరవార్థమే."

ఓర్లిన్ కంబళి సర్దుకుని వెనక్కి వాలారు.

"పద అమ్మాయ్. వచ్చే మంగళవారం నన్నెవరూ గౌరవించరు. అప్పుడొద్దాం."