మౌలాలి బూరుగుదూది బనీను

అమీర్‌పేట దూదేకుల మౌలాలి ఇంట్లో ఒక అబద్ధం పెరుగుతుండేది. దాని వయసు పన్నెండేళ్లు. పుట్టిన రోజున దానికి ఏ ఖర్చూ కాలేదు. కాని మొదట్లో ఏటా ఎండాకాలం రాగానే దానికి కొత్తగా మేత వెయ్యాల్సి వచ్చేది.

అది పుట్టింది హుసేన్‌సాగర్ కట్ట మీద. మౌలాలి కొత్త పెళ్లాన్ని భువనగిరి నుంచి ఎడ్లబండిలో తెచ్చుకుంటున్నాడు. హుసేన్‌బీ ముసుగు కొంచెం పక్కకు జరిపి, అంత నీటినీ చూసి, మొగుడితో మొట్టమొదటి మాట మాట్లాడింది.

"నీకు ఈత వస్తదా?"

మౌలాలికి నీళ్లంటే చెంబులో పట్టేవే తెలుసు. అంతకు మించితే ఆమడ దూరం జరిగేవాడు. కాని బేరం మొదలు కాకముందే తన సరుకులో లోపం తానే ఎవడు చెప్పుకుంటాడు?

"ఈతనా? గీ ఒడ్డు నుంచి గా ఒడ్డుకు ఈదిన. చెప్పులు గీడనే మర్చిపోయినని మళ్ల ఈదుకుంట వచ్చిన."

ఆ పిల్ల నవ్వలేదు. కట్ట అయిపోయేదాకా నీళ్లనే చూస్తూ కూర్చుంది.

ఆ తర్వాత ఎండాకాలం వస్తే ఆమెది ఒకటే మాట. "ఒక్కనాడు బావికి తోల్కపోరాదూ?" మొదటి ఏడు బావిలో పాముందన్నాడు. రెండో ఏడు తనకు మోకాలు నొప్పన్నాడు. మూడో ఏడు మోకాలు నొప్పి పాముకన్నాడో, పాము తనకన్నాడో అతనికే తెలియలేదు. ఆరో ఏట ఆమె అడగడం మానేసింది. మౌలాలి గెలిచాననుకున్నాడు.

అప్పుడప్పుడు ఆమె పెరట్లో గోలెం తొట్టి దగ్గర, నీళ్ల మీద అరచెయ్యి పరిచి ఊరికే నిలబడేది. చల్లగా ఉన్నాయో లేదో చూస్తోంది కాబోలనుకునేవాడు.

ఇలా సాగుతుండగా మసీదుకు కొత్త మౌల్వీ సాబ్ వచ్చాడు. ఒక జుమ్మా నాడు నమాజుకు ముందు ఆయన చెప్పాడు: బిడ్డకు తిండి, చదువు ఇస్తే తండ్రి పని తీరిపోదు. ఈత, విలువిద్య, గుర్రపు స్వారీ నేర్పమని వెనకటి పెద్దలు చెప్పారు. ఒళ్లు కూడా అల్లా అప్పగించిన సొత్తే. దాన్ని ఎలా చూసుకున్నావని రేపు అడుగుతారు.

మౌలాలి గుండె ఈత దగ్గరే ఆగిపోయింది. అతనికి ఉన్నది ఒక్కతే కూతురు, మాబు. నెమ్మదిగా మౌల్వీ సాబ్ దగ్గరికి జరిగాడు.

"హజ్రత్, నాకు ఆడబిడ్డ. అంటే నాకు మాఫీయే కద?"

మౌల్వీ సాబ్ గడ్డం నిమురుకుని నవ్వాడు. కొడుకులకేనని చెప్పేవాళ్లూ ఉన్నారు గాని, తనకు తెలిసినంతలో పిల్లలంటే పిల్లలే అన్నాడు. మర్యాద తప్పకుండా, మగవాళ్ల కళ్లు పడని చోట నేర్పిస్తే తప్పేమిటన్నాడు. ప్రవక్తగారు తన ఇల్లాలితో పరుగు పందెం వేశారనీ, మొదటిసారి ఆవిడే గెలిచిందనీ, కొన్నేళ్లకు మళ్లీ వేసి ఆయన గెలిచి, దానికీ దీనికీ చెల్లు అని నవ్వారనీ చెప్పాడు.

తగ్గింపు కోసం వెళ్లిన మౌలాలి, కొసరుతో సహా మోసుకుని ఇంటికొచ్చాడు.

"ఏమన్నడు?" అంది హుసేన్‌బీ.

"పిల్లలకు ఈత, బాణం, గుర్రం నేర్పాల్నట. ఆడపిల్లలు సుత పిల్లలేనట."

"గది తెల్సుకునేందుకు మసీదుదాంక పోయినవా? నన్నడిగితే పొయ్యికాడనే చెప్తుంటి."

తర్వాత ఆమె గొంతు మారింది. "మాబు నాయినా, పిల్లకు తొమ్మిది నిండినయ్. వచ్చే రంజాను దాటినంక మీ అక్కలు దాన్ని గడప దాటనియ్యరు. ఏది నేర్పినా గీ వానలు పడే లోపలనే. గుర్రం లేకున్నా మానె, బాణం లేకున్నా మానె. ఈత మాత్రం నేర్పు. చెరువు ఈదినోనికి బావి ఎంత?"

పక్కనే కూర్చుని వింటున్న మాబు, తండ్రిని పహిల్వాన్‌ని చూసినట్టు చూసింది. ఆ చూపు మౌలాలికి తియ్యగానూ ఉంది, ముల్లులాగానూ ఉంది.

అతనో ఎత్తు వేశాడు. మూడు విద్యల్లో ఈతను చివరికి నెట్టాలి. మొదటి రెండింటితో వానాకాలం దాకా లాగెయ్యాలి.

విల్లు ఇంట్లోనే ఉంది, దూది ఏకే విల్లు. మనిషంత పొడుగు, మేక నరం తాడు. బాణం ఒక్కటే తక్కువ. వెదురు పుల్ల చెక్కి తాడుకు తగిలించి, "బిడ్డా, గురి గిట్ల చూడాలె," అని లాగి వదిలాడు. పుల్ల ముందుకు పోలేదు. వెనక్కి తిరిగొచ్చి అతని తలపాగా ఎత్తుకుపోయింది. మాబు అదే పుల్లను తాడుకు తగిలించి, ఒక కన్ను మూసి, పందిరికి వేలాడుతున్న సొరకాయను మొదటి దెబ్బకే కొట్టింది. నాలుగు వారాలకని అనుకున్న విద్య పొద్దెక్కకముందే అయిపోయింది.

గుర్రం కోసం జట్కా మొగిలయ్యను బతిమాలాడు. గుర్రం మంచిదే. కాని పదేళ్లుగా మొగిలయ్య రోజూ సాయంత్రం ఎక్కడ ఆగుతాడో అదొక్కటే దానికి బాగా తెలుసు. మాబును ఎక్కించగానే ఎవరి మాటా వినకుండా నడుచుకుంటూ పోయి కల్లు కాంపౌండ్ ముందు నిలబడింది. పొద్దువాలే వేళ అసర్ నమాజుకు పోయేవాళ్లంతా, టోపీ పెట్టుకున్న మౌలాలి కల్లు దుకాణం గుమ్మంలో కళ్లెం పట్టుకుని గుంజులాడడం కళ్లారా చూశారు.

"నాయినా, దీనికి దారి మస్తు తెలుసు!" అని మాబు గుర్రం మీద నుంచి మురిసిపోయింది.

అలా రెండు విద్యలూ ఒక్క వారంలో ముగిశాయి. వానలకు ఇంకా నెలన్నర ఉంది.

అప్పుడతనికి దిండు కొనడానికి వచ్చే ఒక గిరాకీ మాట గుర్తొచ్చింది. బేగంపేటలో విమానాల మైదానం కొత్తగా వచ్చిన రోజులవి. అక్కడ పనిచేసే ఆ మనిషి, సముద్రం మీద పోయేవాళ్లు బూరుగుదూది కుట్టిన బనీను వేసుకుంటారనీ, పడినా మునగరనీ చెప్పాడు. నిజమే, బూరుగుదూది నీళ్లు తాగదు. ఆ సంగతి దూదేకులవాడికి ఒకరు చెప్పాలా? అలాంటి బనీను తొడుక్కుని పైన లాల్చీ వేసుకుంటే ఎవరికి తెలుస్తుంది? తేలుతూ నిలబడి కూతురికి చేతులు ఆడించడం చూపిస్తే చాలు.

ఏకడం మౌలాలి పని, కుట్టడం హుసేన్‌బీ పని. కాబట్టి ఆమెకు చెప్పక తప్పలేదు.

"విమానాల కాడ పనిచేసే గిరాకీ ఒకడు దూది బనీను కుట్టమన్నడు."

"కొలతలేవి?"

"నా అంతనే ఉంటడు."

"పొట్ట సుత?"

"పొట్ట సుత."

అచ్చమైన బూరుగుదూది ఒక గంప నిండా ఏరి ఆమె పక్కన పెట్టి మౌలాలి నమాజుకు వెళ్లాడు.

ఇక్కడ ఆ ఇంటి కట్టుబాటు ఒకటి చెప్పాలి. గిరాకీ ఏది అడిగినా పైన పిడికెడు బూరుగు, లోపల మామూలు పత్తి. పన్నెండేళ్లుగా అదే పద్ధతి. పెట్టింది మౌలాలే. హుసేన్‌బీ గంప చూసింది. గిరాకీ సరుకుకు అచ్చం బూరుగా? పాపం, మనిషికి మతిమరుపు వస్తోంది అనుకుంది. గంప తీసి లోపల దాచి, పత్తి తెచ్చి, మొగుడు చేసిన పొరపాటు దిద్దింది.

జుమ్మేరాత్ నాడు, గురువారం మధ్యాహ్నం, ముగ్గురూ పంజగుట్టలో పెంటయ్య తోటకు వెళ్లారు. వంకాయ మడుల మధ్య పెద్ద మోట బావి. దిగడానికి రాతి మెట్లు, నీళ్లు నల్లగా, నిండుగా ఉన్నాయి. హుసేన్‌బీ గట్టు మీదే ఆగిపోయి, చాలాసేపు లోపలికి చూసింది. పెంటయ్య ఎండు సొరకాయలు రెండు తెచ్చి మాబు నడుముకు కట్టాడు.

"నీకు సుత కట్టనా అన్నా?"

"సొరకాయలు పిల్లలకు, పెంటన్నా."

"గీ ఎండల గంత లావు లాల్చీ ఏంది?"

"నీళ్లు చల్లగుంటయ్," అన్నాడు మౌలాలి, చెమటలు తుడుచుకుంటూ. పెంటయ్య నవ్వి, ఆడవాళ్లున్నారని చెట్టు చాటుకు జరిగాడు.

మౌలాలి కింది మెట్టు దాకా దిగి, బిస్మిల్లా అని, కళ్లు మూసుకుని దూకాడు.

తేలాడు.

నిజంగా తేలాడు. కళ్లు తెరిస్తే ఆకాశం కనిపించింది. మెట్ల మీద మాబు చప్పట్లు కొడుతోంది. "మా నాయిన! మా నాయిన!" అని బావిలో ఆ గొంతు గుండ్రంగా తిరుగుతోంది. పన్నెండేళ్లుగా చెప్పుకుంటున్నది ఇన్నాళ్లకు నిజమైందని అతనికి కడుపు నిండింది. ఇంత సులువైన దానికా ఇన్నాళ్లు భయపడ్డాను, హుసేన్‌బీ ఎన్నిసార్లు అడిగినా తీసుకురాకపోయాను, అనుకున్నాడు.

ఆ తృప్తి పది అంకెలు లెక్కబెట్టేంతసేపు ఉంది. పైనున్న పిడికెడు బూరుగు ఆపగలిగింది అంతే. తర్వాత లోపలి పత్తికి దాహం వేసింది.

మొదట పొట్ట పోయింది. తర్వాత ఛాతీ. గడ్డం దాకా వచ్చాక మౌలాలికి వాసన పట్టినట్టు అర్థమైంది.

"పత్తి!" అని అరిచాడు. "ఏమే, ఇది పత్తి!"

"గిరాకీకి పత్తి కాక ఏం పెడ్తరు?" అంది హుసేన్‌బీ గట్టు మీద నుంచి. అనేసి, బనీను ఎవరి ఒంటి మీద ఉందో అప్పుడు గ్రహించింది.

నీళ్ల మీద టోపీ ఒక్కటే మిగిలింది.

పెంటయ్య పరుగెత్తుకొచ్చి తలపాగా విప్పేలోపే చీర గోచీ బిగించి ఆమె దూకేసింది. దూకడం కూడా ఎలా? మెట్లు దిగి కాదు, గట్టు మీద నుంచే, తల కిందుగా, చప్పుడు కూడా సరిగా కాకుండా. రెండు బారల్లో చేరి, మొగుణ్ణి జుట్టు పట్టి, తడిసి పరుపంత బరువైన బనీనుతో సహా ఈడ్చుకొచ్చి మెట్టు మీద పడేసింది.

మౌలాలి దగ్గాడు, కక్కాడు, ఏడ్చాడు. కొంచెం తెప్పరిల్లాక అడిగాడు.

"నీకు ఈత వస్తదా?"

"మా ఇంటి ఎన్క బావే కద. నడక కంటె ముందు ఈత నేర్సిన."

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు అడిగినవా? మొదలు నేనే అడిగిన. నువ్వు చెరువంత జవాబు చెప్పినవ్."

మౌలాలి తల వంచుకున్నాడు. "మరి నాకు రాదని ఎప్పుడు తెల్సు?"

"పెండ్లైన నెలకే. గోలెంల చెంబు పడ్తే నువ్వు తియ్యవని, చిన్నప్పటి సంది గట్లనేనని మీ అమ్మ చెప్పింది."

"తెల్సి సుత బావికి తోల్కపొమ్మని అయిదేండ్లు అడిగినవా?"

"ఎన్నడో ఒకనాడు నువ్వే చెప్తవనుకున్న. రాదని చెప్తే, నేనే నేర్పుతుంటి గదయ్యా."

పెంటయ్య వంకాయ మడుల వైపు తిరిగి, చాలా శ్రద్ధగా మబ్బుల్ని చూస్తున్నాడు.

మౌలాలి తూకం వేసుకున్నాడు. ఒక పక్క తన మాట, ఒక్క ఊపిరిలో అన్నది. ఇంకో పక్క ఆమె పన్నెండు ఎండాకాలాలు, గోలెం మీద పరిచిన అరచెయ్యి. ఏ రాయి వేసినా ఆ పక్క తక్కెడ లేవదు.

"ఇగ పా, తడిబట్టలతోని జరమొస్తది," అన్నాడు చిన్నగా.

"నువ్వు పో," అంది హుసేన్‌బీ. ఆమె అప్పటికే మళ్లీ నీళ్లలోకి జారింది. వెల్లకిలా పడుకుంది. కొంగు నీళ్ల మీద విప్పుకుంది. కళ్లు మూసుకుంది. ఆ ముఖాన్ని మౌలాలి పన్నెండేళ్లలో ఎన్నడూ చూడలేదు. పెళ్లిబండిలో ముసుగు జరిపిన పిల్ల ఇన్నాళ్లూ ఇక్కడే ఉందా అనిపించింది.

మాబు తండ్రి భుజం మీద నుంచి వంగి తల్లినే చూస్తోంది. పహిల్వాన్‌ని చూసే చూపు అదే. ఆ చూపు అందుకునే మనిషే మారింది.

"అమ్మా, నాకు!" అంటూ సొరకాయలతో దభీమని దూకింది.

ఆ రోజు నుంచి వానలు పడేదాకా ప్రతి జుమ్మేరాత్ పంజగుట్ట తోట ఆడవాళ్లదే. పెంటయ్య పెళ్లాం చిలకమ్మ దిగింది. చిలకమ్మను చూసి వాడకట్టులో మరో నలుగురు దిగారు. మగపురుగు అటు రాకుండా కాలిబాట మీద కాపలాకు ఒక మనిషి కావాలన్నారు. ఆ ఉద్యోగం మౌలాలికిచ్చారు. షరతు ఒకటే: వీపు బావి వైపు, ముఖం బాట వైపు.

చేతిలో కర్ర పట్టుకుని నిలబడేవాడు. వెనక నుంచి నీళ్ల చప్పుడు, గాజుల చప్పుడు వినిపించేవి. వాటి మధ్య ఒక నవ్వు, ఇంట్లో ఎన్నడూ వినని నవ్వు. అది ఎవరిదో అతనికి తెలుసు. తిరిగి చూడాలని మెడ లాగేది. కర్ర ఇంకా గట్టిగా పట్టుకునేవాడు.

ఒకనాడు మొగిలయ్య జట్కా అటు వచ్చింది.

"ఏం మౌలాలన్నా, ఎండల నిలబడ్డవ్?"

"బిడ్డకు ఈత నేర్పుతున్న."

"బావి ఎన్క ఉన్నది కద?"

"నీకెందుకు? గుర్రం ఎటు పోతదో అటు పో."

జట్కా మలుపు తిరిగిపోయింది. అప్పుడే వెనక నుంచి మాబు కేక వినిపించింది. ఆ చిన్న గొంతులో ఆశ్చర్యం ఇమడడం లేదు.

"నాయినా! సొరకాయలిప్పేసిన! ఒక్కదాన్నే తేల్తున్న! చూడు నాయినా, చూస్తున్నవా?"

చిలకమ్మా, మిగతా ఆడవాళ్లూ ఇంకా నీళ్లలోనే ఉన్నారు. మౌలాలి మెడ తిప్పలేదు. కళ్లు మసకబారాయి.

"చూస్తున్న బిడ్డా," అన్నాడు, ఖాళీ బాట వైపు చూస్తూ. "మస్తు తేల్తున్నవ్. చూస్తనే ఉన్న."