తెలిసినోళ్ళకే తెలిసే వాచీ

మా నాయన గొంతు తగ్గించి మాట్లాడటం మొదలుపెట్టిన రోజున, జ్వరం వచ్చిందేమోనని మా అమ్మ ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

అంతకు ముందు మా నాయన మునిశంకర్ ఇంట్లో కూర్చుని మంచినీళ్ళు అడిగితే, మా ఊరు బైరకూరు బస్టాండులో ఉన్నవాళ్ళు చెంబు కోసం వెతికేవాళ్ళు. టమాటాకు మంచి ధర పలికిన ఏడాది ఆయన మెడకు ఒక గొలుసు, చేతికి ఒక వాచీ కొన్నాడు. గొలుసు చూడటానికి ఎద్దు పగ్గమంత ఉన్నా లోపలంతా బోలు. వాచీ బంగారు రంగులో దోసె పెనమంత ఉండేది. అమ్మ దాన్ని గోడ గడియారం అనేది. ఆ తర్వాత వరసగా ధర పడిపోయి టమాటాలు రోడ్డు పక్కన పారబోయవలసి వచ్చింది. గొలుసూ గోడ గడియారమూ మాత్రం మిగిలాయి.

నాయనను మార్చినవాడు తమక అనే ఊళ్ళో ఉండే ఆయన స్నేహితుడు మోహన్‌కుమార్. ఇళ్ళ స్థలాలు అమ్మిపెడతాడు కాబట్టి అందరూ సైట్ల మోహన్‌కుమార్ అంటారు. నిజంగా ఉన్నవాళ్ళు ఉన్నట్టు కనిపించరని ఆయన నాయనకు ఉపదేశించాడు. బెంగళూరులో పెద్ద కంపెనీల యజమానులు సాదా నూలు చొక్కా వేసుకుని, తోలు పట్టీ ఉన్న చిన్న వాచీ కట్టుకుని, మనలాగే ఫుట్‌పాత్ మీద నడుస్తారట. ఆ వాచీ అమ్మితే ఒక ఇల్లు కొనవచ్చట. పక్కన నడిచేవాడికి ఆ సంగతే తెలియదట. అటువంటి వాచీ ఒకటి తన చేతికి వచ్చిందనీ, కేవలం స్నేహం కోసం ఇస్తున్నాననీ చెప్పి, దానికి బదులుగా మా గోడ గడియారాన్నీ షెడ్డులో ఉన్న పాత టిల్లర్‌నూ తీసుకుపోయాడు.

కొత్త వాచీ తెల్లగా, పలచగా ఉంది. అంకెలు లేవు. తేదీ లేదు. కంపెనీ పేరు ఉంది కానీ చీమ రాసినంత చిన్న అక్షరాల్లో ఉంది. అమ్మ దాన్ని కిటికీ దగ్గరకు తీసుకుపోయి చాలాసేపు చూసింది.

"సెకండ్ల ముల్లు యాడప్పా?"

"దీనికి ఉండదు."

"ఊడిపోయిందా?"

"ఇట్లాంటిది కట్టేవాళ్ళకి సెకండ్లు లెక్క పెట్టుకునే పని ఉండదు, రత్నా."

"టైముతో పని లేనోళ్ళకి వాచీ ఎందుకు? ఏమీ కట్టుకోకుండా ఉంటే ఇంగా గొప్ప కదా."

నాయన అరవడానికి నోరు తెరిచాడు. ఉన్నవాళ్ళు అరవరని గుర్తొచ్చి, మూసుకుని, మెల్లగా అన్నాడు. "తెలిసినోళ్ళకే తెలుస్తాది."

ఆ రోజు నుంచి ఆ మాట మా ఇంట్లో దేవుడి పటం పక్కన చేరిపోయింది. నాయన గొలుసు తీసి దాచిపెట్టమని అమ్మకు ఇచ్చాడు. పూల చొక్కాలు మానేశాడు. మెల్లగా నడిచాడు. టీ అంగడిలో పెద్దగా నవ్వడం కూడా మానేశాడు.

ఊరు దీన్ని వేరే విధంగా అర్థం చేసుకుంది.

మొదట అంగడి ఆవులప్ప వచ్చి, కష్టాలు ఎవరికైనా వస్తాయని, ధైర్యం వదలవద్దని నాయనకు చెప్పిపోయాడు. తర్వాత తిమ్మరాయప్ప మామ ఒక మూట రాగులు తెచ్చి, ఎవరికీ చెప్పవద్దంటూ వసారాలో దించాడు. పక్క వీధి వాళ్ళయితే ఆ గొలుసు ఏ బ్యాంకులో ఉందని అమ్మను నేరుగా అడిగారు. నాయన ఎవరికీ ఏమీ చెప్పలేడు. చెబితే చూపించుకున్నట్టవుతుంది. చెప్పకపోతే రాగుల మూటలు వస్తాయి. చివరకు ఎదురుపడిన ప్రతివాడికీ అడగకుండానే టైము చెప్పడం మొదలుపెట్టాడు. మణికట్టు పైకెత్తి, చొక్కా చెయ్యి కొంచెం జరిపి, నిదానంగా చెప్పేవాడు. విన్నవాళ్ళు పాపం అన్నట్టు తలూపి పోయేవాళ్ళు.

వచ్చిన రాగుల్ని అమ్మ మాత్రం వద్దనలేదు.

ఇదంతా ఇలా ఉండగా నా పదో తరగతి ఎస్సెల్సీ ఫలితాలు వచ్చాయి. మా ఊరి బడిలో నాకే ఎక్కువ మార్కులు. ఊరిగాంలో ఒక చర్చి వాళ్ళ ట్రస్టు నడిపే ఆడపిల్లల హాస్టల్ ఉందని అమ్మ పాల డెయిరీ దగ్గర విని వచ్చింది. అక్కడి బంగారు గనిలో పనిచేసిన కుటుంబాల్లో, చదివించుకోలేని వాళ్ళ పిల్లలు హాస్టల్లో డబ్బు కట్టకుండా ఉండి పీయూసీ, అంటే ఇంటరు, చదువుకోవచ్చు. ఒక సీటు మిగిలి ఉంది. మా ఊరి నుంచి రోజూ పోయి రావడం జరిగే పని కాదు. ఆ సీటు రాకపోతే నేను తెల్లవారకముందే పక్కింటి వీణక్కతో కలిసి గార్మెంట్స్ ఫ్యాక్టరీ వ్యాను ఎక్కాలి. వ్యానులో నాకొక చోటు ఉంచమని వీణక్క అప్పటికే డ్రైవరుకు చెప్పి పెట్టింది. ఆ వ్యాను హారన్ వినిపించినప్పుడల్లా నేను దుప్పటి తల మీదికి లాక్కునేదాన్ని.

మా తాత సుబ్బరాయప్ప గనిలో భూమి అడుగున పనిచేసినవాడు. అక్కడ పని ముగించి పైకి వచ్చిన ప్రతివాడినీ బంగారం కోసం గేటు దగ్గర వెతికేవాళ్ళు. చేతులు పైకెత్తాలి. అరచేతులు తిప్పి చూపాలి. నోరు తెరిచి నాలుక ఎత్తాలి. గని మూతపడి ఎన్నో ఏళ్ళయింది కానీ, కాకీ బట్టల మనిషి నిలబడిన గుమ్మం కనిపిస్తే తాత చేతులు వాటంతట అవే లేస్తాయి. ఒకసారి ముళబాగిలు టౌను బ్యాంకులో ఇలాగే చేతులెత్తితే, వెనకాల దొంగలు వచ్చారనుకుని అక్కడి కాపలా అతను కూడా చేతులెత్తాడు. ఇద్దరూ కాసేపు ఎదురెదురుగా అలాగే నిలబడ్డారు. ఆ రోజు నుంచి నాయన తాతను ఏ ఆఫీసుకూ తీసుకుపోలేదు.

తాత గని కాగితాలను చెదలు తినేశాయి కాబట్టి, ఊరిగాం పోయే రోజు తాతను తీసుకురావలసిందేనని అమ్మ పట్టుబట్టింది. వాచీ విప్పి పెట్టి రమ్మని కూడా చెప్పింది.

"లేనోళ్ళకి ఇచ్చే సీటు అది. నువ్వు దాన్ని కట్టుకుని వస్తే ఎట్లా?"

"ఇది ఎవురికీ కనపడదు కదా."

"కనపడనిది కట్టుకోవడం ఎందుకు?"

"నీకు తెలీదులే. యాడైనా ఉన్నోళ్ళకే సీటిచ్చేది. లేనోళ్ళకని పైకి చెప్తారు, అంతే."

ఊరిగాంలో దిగాక నాయన తాతను హాస్టల్ కాంపౌండులో, ఆఫీసు గుమ్మం కనిపించని వైపు, వేపచెట్టు కింద బెంచీ మీద కూర్చోబెట్టాడు. గుమ్మంలో కాకీ చొక్కా వేసుకున్న ప్యూను ఉన్నాడు మరి. పిలిచేదాకా లేవవద్దని తాతకు మెల్లగా, ఎంతో మర్యాదగా చెప్పాడు. ఆ మర్యాద చూసి తాతకు అనుమానం వచ్చింది కానీ కూర్చున్నాడు.

లోపల ఇద్దరున్నారు. హాస్టల్ చూసుకునే జెసింతా మేడం, ట్రస్టు లెక్కలు చూసే జేవియర్ సారు. మేడం నన్ను ఏమి చదవాలని ఉందో అడిగింది. నేను కాలి బొటనవేలు వైపు చూస్తూ ఉండిపోయాను. నాయన నా తరఫున మాట్లాడుతూ, చెయ్యి తీసుకుపోయి మేజా మీద పెట్టాడు. చొక్కా చెయ్యి కొంచెం పైకి జరిగింది.

జేవియర్ సారు రాస్తున్నవాడు ఆగిపోయాడు. వాచీ వైపు చూశాడు. కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూశాడు. తాను దుబాయిలో పెద్ద వాచీల షోరూములో పనిచేసి వచ్చానని, ఇటువంటిది మళ్ళీ ఈ ఊళ్ళో చూస్తాననుకోలేదని చాలా గౌరవంగా అన్నాడు.

ఇన్నాళ్ళకు తెలిసినవాడు దొరికాడు. నాయన ముఖం నేనెప్పుడూ అంత శాంతంగా చూడలేదు. "ఏదో, చేతికి ఉండాలని," అన్నాడు.

జేవియర్ సారు మేడం చెవిలో ఏదో చెప్పాడు. మేడం నా మార్కుల కాగితం మూసి, రెండు చేతులతో తిరిగి నాయన వైపు జరిపింది. ఇది లేనివాళ్ళ పిల్లలకు పెట్టిన సీటని, మీవంటివారు పాపను బెంగళూరులోనే చదివించవచ్చని చెప్పింది. నాకు వ్యాను హారన్ వినిపించింది.

నాయన అమ్మ వైపు చూశాడు. అమ్మ ఆయన వైపు చూడలేదు. అప్పుడు మా నాయన, ఊరందరి జాలినీ ఓర్చుకుని కాపాడుకున్న మాటను తన నోటితోనే వదిలేశాడు.

"సార్, ఇది డూప్లికేట్."

జేవియర్ సారు నవ్వాడు. "అట్లే అంటారు సార్. డూప్లికేట్ కట్టుకున్నోడు ఒరిజినల్ అని అందరికీ చెప్తాడు. ఒరిజినల్ కట్టుకున్నోడే డూప్లికేట్ అంటాడు. ఎంతమందిని చూసినాను నేను."

నాయన తన మెడ చూపించాడు, ఒక్క గొలుసైనా లేదని. సారు తలూపాడు. అదీ అంతేనన్నాడు. చొక్కా చూపించాడు. అదీ అంతేనట. ఊళ్ళో తిమ్మరాయప్ప రాగుల మూట ఇచ్చిపోయాడని కూడా చెప్పాడు. పెద్దవాళ్ళు ఎంత సాదాగా బతుకుతారో చూడండి మేడం, అన్నాడు సారు. ఏది చెప్పినా నాయన ఇంకా ఇంకా ధనవంతుడవుతూ పోయాడు.

పోనీ విప్పి చూడమని నాయన వాచీ ఇవ్వబోతే, అటువంటి వస్తువును అడిగి చేతిలోకి తీసుకోవడం మర్యాద కాదని సారు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

అప్పుడు అమ్మ మాట్లాడింది. "మర్యాద అట్లుండనీ సారూ. వెనక మూత తీసి చూడు. లోపల సెల్లు ఉండాది. ముళబాగిలులో నేనే వేయించినాను."

సారు ముఖం మారింది. అసలు దానికి సెల్లు ఉండదని, రోజూ చేత్తో కీ ఇయ్యాలని గొణిగాడు. సొరుగులోంచి చిన్న చాకు తీసి మూత తెరిచాడు. ఒక్క చూపు చూసి మూసేశాడు.

"డూప్లికేట్ మేడం," అన్నాడు. తర్వాత నాయన ముఖం చూసి, "మంచి డూప్లికేట్," అన్నాడు.

నాయన కూతురి కోసం జీవితంలో పెద్ద అబద్ధం ఆడాననుకున్నాడు. అది నిజమని ఆ గదిలో అందరికంటే చివర తెలిసింది ఆయనకే.

కానీ మేడం మార్కుల కాగితాన్ని మళ్ళీ తన వైపు తీసుకోలేదు. గని పేరు చెప్పుకుని ఎవరెవరో వస్తున్నారని, తాత కాగితాలను చెదలు తిన్నాయన్న మాట కూడా తనకు కొత్తది కాదని మెల్లగా చెప్పింది. "ఉన్నోళ్ళమని చెప్పుకునేదానికి దొంగ వాచీ కట్టుకొచ్చినారు. గనోళ్ళమని చెప్పేది నిజమని ఎట్లా నమ్మేదమ్మా?"

నాకు మాట రాలేదు. కానీ కాళ్ళు వచ్చాయి. లేచి బయటకు పోయి, వేపచెట్టు కింద ఉన్న తాత చెయ్యి పట్టుకుని తీసుకువచ్చాను.

గుమ్మంలో ప్యూను కాకీ చొక్కాతో నిలబడి ఉన్నాడు. తాత చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. కాళ్ళు ఎడం చేశాడు. రెండు చేతులూ పైకెత్తి, అరచేతులు ఇటూ అటూ తిప్పి చూపించాడు. తర్వాత నోరు తెరిచి నాలుక ఎత్తాడు. నాయన కళ్ళు మూసుకున్నాడు. ప్యూనుకు ఏమి చెయ్యాలో తెలియలేదు.

జెసింతా మేడం కుర్చీలోంచి లేచింది. గుమ్మం దాకా నడిచి వచ్చి, తాత రెండు చేతులూ పట్టుకుని తానే కిందికి దించింది.

"ఏమీ లేదు. పోవచ్చు తాతా," అంది.

గని గేటు దగ్గర వెతికినాక వాళ్ళు ప్రతిరోజూ అనే మాట అదే. తాత నోరు మూసుకుని ఆమె ముఖంలోకి చూశాడు. మీ నాయన గనిలో ఏ షాఫ్టులో పనిచేసినాడమ్మా అని అడిగాడు. ఆమె చెప్పింది. తన తండ్రి చర్చి గుమ్మంలో కూడా ఇట్లాగే నిలబడేవాడని, చిన్నప్పుడు సిగ్గుపడి తాను దూరంగా నడిచేదాన్నని చెప్పింది. మేడం కూర్చుని నా మార్కుల కాగితాన్ని తన వైపు లాక్కుంది.

తిరుగు బస్సులో తాత ముందు సీట్లో కూర్చున్నాడు. నాయన మణికట్టు ఒళ్ళో పెట్టుకుని వాచీని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు.

"నీకు ఎప్పుడు తెలిసింది?" అని చివరకు అమ్మను అడిగాడు.

"అది ఆగిపోయినప్పుడు. సెకండ్ల ముల్లు లేదు కదా, నీకు తెలీలేదు. కొన్నాళ్ళు ఊరికంతా ఒకే టైము చెప్పినావు. నువ్వు నిద్రపోతా ఉంటే తీసుకుపోయి సెల్లు వేయించినాను."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"పెండ్లయినప్పటి నుంచి నువ్వు మెల్లగా మాట్లాడింది ఇప్పుడే. ఆ వాచీ ఉండేదాకన్నా ఇల్లు చల్లగా ఉంటాదని నోరెత్తకుండా సుమ్మనె ఉన్నాను."

నాయన వాచీ విప్పి జేబులో వేసుకున్నాడు. బోసిగా ఉన్న మణికట్టు చూసుకున్నాడు. మెడ తడుముకున్నాడు.

"ఇంగ ఇదంతా వద్దులే. నా గొలుసు నాకిచ్చేయ్."

"ఇస్తాలే."

"యాడ పెట్టినావు?"

"ఉండాది."

"ఉండాదంటే యాడ?"

అమ్మ కిటికీ బయట పోతున్న మామిడి తోటలు చూస్తూ, గొంతు ఏమాత్రం పెంచకుండా చెప్పింది. "తెలిసినోళ్ళకే తెలుస్తాది."

నాయన రెండు చేతులూ మెల్లగా పైకెత్తాడు.

ముందు సీట్లోంచి తాత వెనక్కి తిరిగి, కొడుకును పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఏమీ లేదు," అన్నాడు. "పోవచ్చు పో."