వినయపూర్వకమైన పొగ

మే నెల రెండో వారంలో బైహే పట్టణ పాలనా కార్యాలయం పూర్తి చేయవలసిన పనులు ఇవి: పడవల పండుగ డోలుకు కొత్త తోలు వేయించడం. కూరగాయల మార్కెట్ వెనక కాలవలో దోమల మందు కొట్టించడం. మూడో అంతస్తు మెట్ల మలుపులో కిటికీ తెరిపించమని సఫాయి పనిచేసే హో గుయ్‌ఫెన్ పెట్టుకున్న అర్జీకి జవాబివ్వడం. ఆ అర్జీ స్ఫూర్తితో కార్యాలయాన్ని పొగలేని కార్యాలయంగా ప్రకటించడం. శుక్రవారం తనిఖీకి వస్తున్న కౌంటీ కార్యదర్శి మెంగ్ గారికి ఘనంగా స్వాగతం పలకడం. డైరెక్టర్ ఛియు గారికి ఇప్పుడున్నదాని కంటే మెరుగైన ఎలక్ట్రానిక్ సిగరెట్ ఎంపిక చేయడం.

ఆరింటిలోనూ చివరిదాని కింద మాత్రమే ఎర్ర గీత ఉంది. ఆ పని తాన్ యువేకి పడింది.

తాన్ యువే ఆ కార్యాలయంలో చేరి ఎనిమిది నెలలైంది. వాళ్ల ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమే. ఏ పని అప్పగించినా దాని గురించి చదివి, నలుగురినీ అడిగి, కాగితం మీద పెట్టేదాకా నిద్రపట్టని స్వభావం. సిగరెట్ పెట్టెను దగ్గరగా చూసైనా ఎరగని పిల్లకి ఆ పని ఎందుకిచ్చారంటే, పొగ తాగనివాళ్లయితే నిష్పాక్షికంగా ఉంటారని ఛియు గారి అభిప్రాయం.

సోమవారం ఛియు గారు చేసిన ప్రకటన బైహే చరిత్రలో నిలిచిపోతుంది. రోజుకు రెండు పెట్టెల చొప్పున ముప్పై ఏళ్లు సిగరెట్లు కాల్చిన మహానుభావుడు అందరి ముందూ నిలబడి, "ఈ క్షణం నుంచి ఈ భవనంలో ఏ గదిలోనూ పొగ ఉండదు. మొదటి త్యాగం నాదే!" అని చేతిలోని సిగరెట్ పెట్టెను చెత్తబుట్టలోకి విసిరేశారు. అది ఖాళీదే అయినా విసిరిన తీరులో ఏ లోటూ లేదు. తర్వాత జేబులోంచి పెన్నులాంటి సన్నటి ఎలక్ట్రానిక్ సిగరెట్ తీసి, ఒక దమ్ము లాగి, రెండు నిమిషాలు దగ్గారు. సిబ్బంది అంతా చప్పట్లు కొట్టారు.

భవనంలో గదులు ఇరవై మూడు. ఒక్క పూటలో ఇరవై మూడూ పొగరహితమయ్యాయి. ఆ గదుల్లో కాల్చేవాళ్లందరూ వచ్చి మూడో అంతస్తు మెట్ల మలుపులో నిలబడ్డారు. మెట్ల మలుపు గది కాదు కనుక అది లెక్కలోకి రాదు. హో గుయ్‌ఫెన్ చీపుళ్లూ బకెట్లూ పెట్టుకుని కూర్చునే చోటు కూడా అదే. అక్కడి కిటికీకి నాలుగేళ్ల కిందట మరలు బిగించేశారు. ఆమె తుడుపుగుడ్డలు ఆరేస్తుంటే తనిఖీకి వచ్చినవాళ్లకు రోడ్డు మీంచి కనబడ్డాయట. బిగించమని డైరెక్టర్ సంతకం పెట్టారు కనుక విప్పడానికీ డైరెక్టర్ సంతకమే కావాలి.

"ఏమ్మా తాన్, నా కాగితం కదిలిందా?" అని ఆ మధ్యాహ్నం హో పిన్ని అడిగింది. ఆమెను ఆఫీసులో అందరూ పిన్నీ అనే పిలుస్తారు.

"సార్ బల్ల మీదే ఉంది పిన్నీ."

"నెల రోజుల్నుంచీ అదే మాట చెప్తున్నావు. ఆ బల్ల రోజూ తుడిచేది నేనే కదే! ఎక్కడుందో నాకు తెలీదూ? టీ కప్పు కింద ఉంది. గుండ్రంగా మరక కూడా పడింది." పిన్ని గోడ పట్టుకుని కాసేపు దగ్గి, కళ్లు తుడుచుకుంది. "గాలి మారాలన్నాడు డాక్టరు. మళ్లీ దగ్గని సెలవు పెడితే ఇక రానక్కర్లేదన్నాడు కాంట్రాక్టరు. ఇంకో పద్నాలుగు నెలలు లాక్కొస్తే పింఛను. నాలుగు మరలేనమ్మా, నాలుగంటే నాలుగు."

తాన్ నేరుగా డైరెక్టర్ గదికి వెళ్లింది. ఛియు గారు పెన్ను సిగరెట్‌ను నోట్లో పెట్టుకుని గట్టిగా లాగుతున్నారు. లోపల గుడగుడమని చప్పుడు వస్తోంది.

"థూ! ఇదేం దినుసు? లాగితే పొగ రాదు, పులుసొస్తోంది!"

"సార్, కిటికీ ఫైలు..."

"చూడమ్మాయ్, ముప్పై ఏళ్లు పొగతో ఆలోచించినవాణ్ణి. పొగ లేకుండా సంతకం పెడితే అది నా సంతకమేనా? ముందు మంచి సరుకు చూడు. బుర్ర కుదురుకోగానే మొదటి సంతకం ఆ కిటికీకే. ఇది నా మాట."

పెద్దవాళ్ల మాటను తాన్ నమ్ముతుంది. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి, గంటన్నర ప్రయాణం చేసి, షెన్‌జెన్‌లోని ఎలక్ట్రానిక్ వస్తువుల మార్కెట్‌లో దిగింది. ఆ వ్యాపారం మీద ఇంకా కొత్త నిబంధనలు రాని రోజులవి. నాలుగో అంతస్తులో షు అనే ఆవిడ దుకాణంలో అద్దాల వెనక అరచేతిలో ఇమిడేవి మొదలుకొని ఇటుకంతవాటి దాకా వరసగా ఉన్నాయి. షు డబ్బాలోంచి బియ్యపు సేమ్యా తింటూనే అడిగింది.

"ఎవరికి? నీక్కాదులే, మొహం చూస్తే తెలుస్తోంది."

"మా డైరెక్టర్ గారికి, అక్కా."

"ఎన్నాళ్లయింది మొదలెట్టి?"

"నిన్ననే."

"పెన్నులాంటిది కొన్నాడా? గుడగుడమంటోందా? గట్టిగా పీలుస్తున్నాడన్నమాట. మెల్లిగా పీల్చమను. కొత్తవాళ్లంతా చేసేది అదే." షు ఒక చిన్న యంత్రం తీసి బల్ల మీద పెట్టింది. "సిగరెట్ అలవాటున్నవాడు ముందు నోట్లోకి లాగి, తర్వాత గుండెల్లోకి దింపుతాడు. అలాంటివాడికి ఇది చాలు. కారదు. గాలి రంధ్రం బిగుతుగా పెట్టుకోవచ్చు. నికోటిన్ కాస్త గట్టిది పోస్తే రెండు దమ్ములకే ఆత్మ శాంతిస్తుంది. పొగ కూడా పెద్దగా రాదు, పక్కనున్నవాళ్లు తిట్టుకోరు."

"మరి ఆ ఇటుకంతది?"

"అది పొగ పోటీలాడే కుర్రాళ్లది చెల్లీ. నేరుగా ఊపిరితిత్తుల్లోకే లాగాలి. మీ పెద్దాయన లాగితే ఆయన అటూ, కళ్లజోడు ఇటూ."

తాన్ ప్రతి మాటా రాసుకుంది. ఏడు పేజీల నివేదిక తయారు చేసి, చివర్లో చిన్న యంత్రాన్ని సిఫారసు చేసింది. పక్కనున్నవారికి పొగ తగలదు అన్న వాక్యం కింద గీత కూడా గీసింది.

బుధవారం ఎంపిక సంఘం సమావేశమైంది. ఛియు గారు నివేదిక బరువు చూసి మెచ్చుకున్నారు. డిప్యూటీ డైరెక్టర్ గ్వాన్ లేచి నిలబడ్డాడు. పైవాళ్ల అలవాట్లు పరిశీలించడంలో కౌంటీ మొత్తం మీద గ్వాన్‌ని మించినవాడు లేడు.

"సార్, నివేదిక బాగుంది. కానీ అసలు విషయం ఇందులో లేదు. మెంగ్ కార్యదర్శి గారు ఏం వాడుతున్నారు?"

ఆ ప్రశ్న వేయకుండా ఏడు పేజీలు రాసినందుకు తాన్ తల దించుకుంది. ఏ ఆఫీసులోనైనా పైఅధికారి తాగే సిగరెట్ కంటే ఖరీదైనది కిందివాడు జేబులోంచి తీయడు. విందులో గ్లాసులు తాకించేటప్పుడు చిన్నవాడు తన గ్లాసు అంచును పెద్దవాడి గ్లాసు అంచుకు కిందుగా ఉంచుతాడు. పాలు తాగే పిల్లలు తప్ప ఇది తెలియనివాళ్లుండరు.

"పోయిన నెల కౌంటీ సమావేశంలో నేను కళ్లారా చూశాను సార్," అన్నాడు గ్వాన్. "వెండి రంగుది, పొట్టిగా ఉంది. కార్యదర్శి గారు జేబులోంచి తీసి రెండంటే రెండు దమ్ములు లాగారు. తర్వాత మొహంలో ఏం ప్రశాంతత! ఇంకో సంగతి సార్, చుక్క పొగ కూడా బయటికి రాలేదు."

"చుక్క కూడా?"

"చుక్క కూడా."

"ఆహా," అన్నారు ఛియు గారు. "అందుకే ఆయన కార్యదర్శి అయ్యారు."

"మనం ఆయనకి సమానంగా ఉండకూడదు కదా సార్. ఆయనది పొగ రానిదైతే, మనది ఎలా ఉండాలి?"

ఛియు గారు కళ్లు మూసుకుని ఆలోచించారు. "పొగ వచ్చేదై ఉండాలి."

"కొంచెం వస్తే ఆయనకి దగ్గరగా వెళ్లినట్టవుతుంది సార్."

"అయితే బాగా రావాలి. ఎంత పొగ వస్తే అంత వినయం."

"సార్," అంది తాన్, గొంతు సవరించుకుని, "ఆ పెద్దది కొత్తవాళ్లకి పనికిరాదని షాపావిడ చెప్పింది. ఆరోగ్యానికి..."

"అమ్మాయ్, ఇది ఆరోగ్యం విషయం కాదు, క్రమశిక్షణ విషయం," అన్నాడు గ్వాన్.

మరో చిక్కు వచ్చింది. సిగరెట్ అయితే రెండు చేతులతో అతిథికి అందించవచ్చు. ఒకరి నోట్లో పెట్టుకున్న యంత్రాన్ని ఇంకొకరికి ఎలా అందిస్తారు? గంటన్నర చర్చ తర్వాత, అందించడం కుదరదు కనుక అతిథి ఎదురుగా నిండుగా ఒక దమ్ము వదలడమే మర్యాద అని తీర్మానించి, మినిట్స్‌లో రాశారు. గురువారం తాన్ మళ్లీ బస్సెక్కింది.

"ఇటుకంతదా!" అంది షు. "ఏం, మీ ఆఫీసులో దోమలెక్కువా?"

శుక్రవారం పది గంటలకు మెంగ్ గారు వచ్చారు. లిఫ్ట్ ఎక్కకుండా మెట్ల మీదే నడిచారు. ప్రజల మనిషి. ఛియు గారు, గ్వాన్, పద్దెనిమిది మంది సిబ్బంది, ఒక ఫొటోగ్రాఫరు మూడో అంతస్తు మెట్ల మలుపులో వరసకట్టి నిలబడ్డారు. వాళ్ల వెనక గోడకు ఆనుకుని హో పిన్ని, ఆమె పక్కనే చంకలో కిటికీ ఫైలుతో తాన్. బుర్ర కుదురుకోగానే మొదటి సంతకం అన్నారు కాబట్టి ఆ ఫైలును తాన్ మూడు రోజులుగా ఎక్కడికి వెళ్లినా మోస్తూనే ఉంది.

మెంగ్ గారు ఆఖరి మెట్టు ఎక్కారు. ఛియు గారు నడుం వంచి, ఇటుకను రెండు చేతులతో పట్టుకుని, రొమ్ము నిండా లాగి వదిలారు.

అంతటి వినయాన్ని బైహే ఎన్నడూ చూడలేదు. ముందు మెంగ్ గారు కనబడలేదు. తర్వాత ఛియు గారు కనబడలేదు. తెల్లటి మబ్బులోంచి ఇద్దరి దగ్గూ వినిపించింది. కాసేపటికి మెంగ్ గారు తడుముకుంటూ జేబులోంచి వెండి రంగుది తీసి నోట్లో పెట్టుకున్నారు.

"చూడండి, చూడండి, పొగే లేదు!" అని గ్వాన్ గుసగుసలాడాడు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు.

"ఉబ్బసం..." అన్నారు మెంగ్ గారు, మందు మళ్లీ నొక్కుకుంటూ. "నాకు ఉబ్బసం... కిటికీ తెరవండి!"

నలుగురు కిటికీ మీద పడ్డారు. అది కదల్లేదు.

"సంతకం కాలేదు సార్," అన్నాడు గ్వాన్.

"ఫైలేదీ? ఫైలు!" అని ఛియు గారు కేకేశారు. తాన్ అందించింది. గ్వాన్ వంగి వీపు ఇచ్చాడు. ఛియు గారు వీపు మీద ఫైలు పెట్టి సంతకం మొదలుపెట్టారు.

"తేదీ కూడా వేయండి సార్, తర్వాత ఆడిట్‌లో అడుగుతారు," అన్నాడు గ్వాన్ కింద నుంచి.

ఈలోగా హో పిన్ని అందరినీ మోచేతులతో పక్కకు తోసుకుంటూ వచ్చి, ఏప్రన్ జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసింది. ఛియు గారు ఇంటిపేరు రాసి పేరు మొదలుపెట్టేసరికి కిటికీ బార్లా తెరిచి ఉంది. కాబట్టి ఆ కిటికీ కొన్ని క్షణాల పాటు అక్రమంగా తెరిచి ఉందని ఒప్పుకోవాలి.

మెంగ్ గారు తల బయటపెట్టారు. పక్కనే పిన్ని కూడా పెట్టింది.

"ఒక్కసారే లాగకండి బాబూ, మెల్లిగా పీల్చండి," అంది పిన్ని.

"మీక్కూడానా?" అన్నారు మెంగ్ గారు.

"మెట్ల మీద ఉండేదాన్ని కదండీ."

ఆయన ఇంకేదో అడగబోయారు. అప్పటికి సంతకం పూర్తయింది. ఛియు గారు వచ్చి, పిన్ని నిలబడిన చోట నిలబడ్డారు. "సార్, సామాన్యుల అర్జీ మీద మా కార్యాలయం తీసుకున్న చర్య ఇదే," అన్నారు. ఫొటోగ్రాఫరు ఫొటో తీశాడు. కిటికీ పదకొండు నిమిషాలు తెరిచి ఉంది.

తర్వాత జరిగినవన్నీ మంచివే. కౌంటీలోకెల్లా ఉత్తమ పొగరహిత కార్యాలయం బిరుదు బైహేకి వచ్చింది. ఛియు గారు ఇటుకను బీరువాలో పెట్టి, మందుల దుకాణంలో వెండి రంగు ఉబ్బసం మందు ఏయే సైజుల్లో దొరుకుతుందో కనుక్కోమని తాన్‌ని పంపారు. కార్యదర్శి గారిదానికంటే ఒక సైజు తక్కువ ఉండాలన్నారు. మూడో అంతస్తు కిటికీని ఆదర్శ కిటికీగా ప్రకటించి, పక్కన ఇత్తడి పలక, ఆ రోజు తీసిన ఫొటో పెట్టారు. చూడటానికి మిగతా పట్టణాల బృందాలు వస్తున్నాయి. వానకీ దుమ్ముకీ పాడవకుండా కిటికీ మూసి, పైన అద్దం వేసి, ఈసారి ఎనిమిది మరలు బిగించారు. అద్దం తుడిచే గౌరవం హో పిన్నికి దక్కింది. జులైలో ఆమె దగ్గుతో మూడు రోజులు సెలవు పెట్టింది. కాంట్రాక్టరు మాట మీద నిలబడే మనిషి. పింఛనుకు అప్పటికి పన్నెండు నెలలు తక్కువ.

ఇప్పుడు అద్దం తాన్ తుడుస్తోంది. ఎవరూ చెప్పలేదు. భోజనం వేళ బల్ల మీంచి లేచి వెళ్లి తుడిచి వస్తుంది.

మీరెప్పుడైనా బైహే వెళితే ఆ ఫొటో ముందు ఒక నిమిషం ఆగండి. నడుమ మెంగ్ గారు, ఛియు గారు నవ్వుతూ ఉంటారు. కుడి అంచున, ఫొటోను కత్తిరించగా మిగిలిన ఒక చెయ్యి, స్క్రూడ్రైవర్‌తో కనబడుతుంది. ఇత్తడి పలక మీద పదహారు పేర్లున్నాయి, ఆ చెయ్యి పేరు మాత్రం లేదు. హో గుయ్‌ఫెన్. దయచేసి గుర్తుంచుకోండి.